నిమ్మచెక్క, పారాణి, ఒక హత్య

నిమ్మచెక్క పట్టుకుని మా హార్మోనిస్ట్ పెద్దాయన స్టేజీ మధ్యకు వచ్చి, నేల మీద పడున్న తెల్ల దుప్పటి కొస పైకెత్తి, దాని మీదున్న ఎర్ర మరక మీద పిండినాడు. హాలంతా నిశ్శబ్దం. ఇప్పుడు ఆ ఎరుపు అందరి కళ్ళముందే పసుప్పచ్చగా తిరగాల, హంతకుడెవరో మాటల్లేకుండానే జనానికి తెలిసిపోవాల. రెండు నెలలు రోజూ రాత్రి 9 గంటలకు కలిసి 12 దాకా చేసిన రిహార్సలంతా ఆ ఒక్క నిమిషం కోసమే. ఏమీ కనపడలేదు. అసలు మరకే లేదు అక్కడ. పైనుంచి రెడ్ లైటు పడతాంది, దుప్పటీ ఎర్రగా ఉంది, మరకా ఎర్రగా ఉంది, పెద్దాయన చెయ్యీ ఎర్రగా ఉంది. వెనక వరసలోంచి ఎవరో "ఏంది సామీ నువ్వు చూపిస్తాండేది" అని గట్టిగా అడిగినారు, నేను సైడ్ వింగులో నిలబడి విన్నా, ఆ మాట ఇప్పటికీ చెవుల్లోంచి పోలేదు.

మాది కడప. మా బృందంలో నాటకం మీద బతికేవాళ్ళు ఒక్కరూ లేరు, ఒక దర్జీ అన్న, ఇద్దరు టీచర్లు, ఒక బస్సు కండక్టరు, కోర్టు దగ్గర టైపు కొట్టే ఒకాయన, ఆఫీసులో గుమాస్తా పని చేసే నేను, వీళ్ళందరికీ పైన హార్మోనిస్ట్ పెద్దాయన. ఈయన ఒక్కడే పాత పద్యనాటకాల్లో ఊరూరా తిరిగి రాత్రంతా వాయించినాయన. మిగతా మేమంతా పగలు ఉద్యోగాలు చేసుకుని రాత్రి ఒక స్కూలు గదిలో బెంచీలు పక్కకు జరిపి రిహార్సల్ చేసేవాళ్ళం, వచ్చేటప్పుడు ఎవరో ఒకరు కారం దోసెలు పార్సిల్ కట్టించుకుని వచ్చేవాళ్ళు, తిని చేతులు కడుక్కుని మొదలుపెట్టడమే.

ప్రతి ఏడూ పోటీలకు అందరూ తెచ్చే కథలే మేమూ తీసుకుపోయేవాళ్ళం, కొడుకులు వదిలేసిన తల్లి, తాగుబోతు మొగుడు, పొలం అమ్ముకున్న రైతు. అవి తక్కువ కథలని నేను అనను, ఆ బాధలు నిజమైనవే. కానీ జనం మొదటి 5 నిమిషాల్లోనే ఆఖరి సీను చెప్పేస్తాండారు. జనం ముందుకు వంగి కూర్చునే నాటిక ఒకటి చేయాలని నాకు చాలా రోజులుగా ఉండేది. మర్డర్ మిస్టరీ రాస్తా అంటే దర్జీ అన్న "మన స్టేజీ మీద బంగళాలు, సోఫాలు యాడ తెస్తావబ్బీ" అన్నాడు. బంగళా ఎందుకన్నా, మనలాంటి నాటక కంపెనీలోనే హత్య జరుగుతుంది, పెట్టెలు, తెరలు, కిరీటాలు మన దగ్గర ఉన్నేవే కదా అన్నా.

కథ ఎక్కడ దొరికిందంటే సురభి దగ్గర. మా జిల్లా చక్రాయపేట మండలంలో ఉంది ఆ పల్లె, 1885లో వనారస గోవిందరావు గారు వాళ్ళు అక్కడ ఆడిన మొదటి నాటకం కీచకవధ, ఆ పల్లె పేరే ఆ నాటక కుటుంబాలందరికీ పేరైపోయింది. మా పక్క నాటకం మొదలైందే ఒక హత్యతో అని నాకు ఒక రాత్రి తట్టింది, ఇంక నిద్ర పట్టలేదు. కీచకవధ అంటే మనకు పుణ్యకథ, కానీ విరాటుడి ఊళ్ళో జనం వైపు నుంచి ఒకసారి చూడండి. రాజు బావమరిది, సేనాపతి, అంత బలమైనోడు పొద్దునకల్లా నర్తనశాలలో మాంసం ముద్దయి పడుంటే తల ఏదో కాళ్ళేవో తెలియడం లేదు. చూసినోళ్ళు ఎవరూ లేరు. సైరంధ్రి ఏమో గంధర్వులు చంపినారు అంటుంది. వంటవాడు వలలుడు ఏమీ తెలియనట్టు గరిటె తిప్పుకుంటా ఉంటాడు. ఆ వార్త హస్తినాపురం చేరితే, అక్కడ శవాన్ని కూడా చూడని దుర్యోధనుడు కూర్చున్న చోటు నుంచే లెక్క వేస్తాడు, కీచకుణ్ణి చేతుల్తో చంపగలిగే మగాడు ఎవడు, భీముడు తప్ప ఇంకెవడు, అయితే పాండవులు అక్కడే ఉన్నారు అని. ఇంతకు మించిన డిటెక్టివ్ పని ఏముంది చెప్పండి, చిన్నప్పటి నుంచి వింటా ఉన్న కథే, నేనెప్పుడూ ఆ వైపు నుంచి చూడలేదు.

మా నాటికలో ఒక పాతకాలం కంపెనీ జాతరలో కీచకవధ ఆడతా ఉంటుంది. కీచకుడి వేషం కట్టినోడే ఆ నాటకానికి కాంట్రాక్టరు. నర్తనశాల సీనులో దుప్పటి ముసుగేసుకుని భీముడు పడుకుని ఉంటాడు, కీచకుడు సైరంధ్రి అనుకుని దగ్గరికి పోతాడు, మీకందరికీ తెలిసిందే. ముసుగులోంచి చేతులు వస్తాయి, గొంతు పట్టుకుంటాయి, ఊళ్ళో జనం ఈలలు వేస్తారు, తెర పడుతుంది. తెర పడినాక కీచకుడు లేయడు. భీముడి వేషం కట్టినాయన వెనక నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి "నన్నెవరో గేటు దగ్గరికి రమ్మన్నారని చెప్పినారు, పోయి వచ్చేసరికి సీను అయిపోయింది" అంటాడు. అయితే ముసుగు కింద ఉన్నది ఎవరు? 500 మంది చూస్తాండగా హత్య జరిగింది, ఒక్కరూ హంతకుడి ముఖం చూడలేదు. ఇది రాసుకున్న రోజు నేను ఇంట్లో ఒక్కణ్ణే చప్పట్లు కొట్టుకున్నా, మా ఆవిడ వచ్చి ఏమైందని అడిగింది.

హంతకుణ్ణి పట్టేది పోలీసాయన కాదు, హార్మోనిస్ట్. అది ఎందుకంటే నేను మా పెద్దాయన్ని చూసినా కాబట్టి. నాటకంలో ప్రతి మనిషి వస్తాడు పోతాడు, హార్మోనిస్ట్ మాత్రం మొదటి పాట నుంచి మంగళం దాకా కదలడు, స్టేజీ కింద పక్కన కూర్చుని ఉంటాడు కాబట్టి ఆయన కంటికి ముందు కనపడేది వేషగాళ్ళ పాదాలు. ఎవరికి ఆ రాత్రి గొంతు బాగలేదో, ఎవరు శ్రుతి ఒక మెట్టు దించమని సైగ చేస్తారో, ఎవరు తాగి వచ్చినారో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. పెద్దాయన్ని అడిగితే చెప్పినాడు, "భీముడు లేసే ముందు తొడ చరుస్తాడు నాయనా, ఆ చప్పుడు వినే నేను పట్టు మారుస్తా" అని. అంతే, మొదటి క్లూ దొరికింది. ఆ రాత్రి తొడ చప్పుడు రాలేదు, హార్మోనిస్ట్ ఆ స్వరం మీదే వేలు పెట్టుకుని ఎదురుచూస్తా ఉండిపోయినాడు.

రెండోది పారాణి. దుప్పటి కాళ్ళ వైపు ఎర్ర మరక ఉంటుంది. పోలీసాయన రక్తం అంటాడు, కానీ చచ్చిపోయినోడి ఒంటి మీద గాయం లేదు, గొంతు నులిమి చంపినారు. మరి ఎరుపు ఎక్కడిది? ఆ కంపెనీలో కాళ్ళకు పారాణి పెట్టుకునేది ఒక్కరే, సైరంధ్రి వేషం కట్టే మగాయన. పారాణి అంటే పసుపు, సున్నం, నీళ్ళు అంతే కదా, సున్నం తగిలితే పసుపు ఎర్రగా మారుతుంది, దాని మీద నిమ్మరసం పడితే పులుపుకు సున్నం విరిగి మళ్ళీ పసుప్పచ్చ అయిపోతుంది. రక్తం మీద నిమ్మకాయ పిండితే అట్లా కాదు. పాటగాళ్ళు గొంతు కోసం నిమ్మకాయ దగ్గర పెట్టుకునేది ఉన్నదే, కాబట్టి హార్మోనియం పెట్టె మీద నిమ్మచెక్క ఉంటే ఎవరికీ అనుమానం రాదు. దర్జీ అన్నే స్త్రీ వేషం కట్టినాడు. ఇంట్లో ఆయన భార్య పారాణి కలిపి ఇచ్చేది. ఎక్కువ సున్నం పడితే కాళ్ళు మండుతాయి, తక్కువ పడితే రంగు రాదు, మధ్యాహ్నం కలిపింది రాత్రికి పాలిపోయేది, అందుకని వేషం వేసే ముందు కొబ్బరి చిప్పలో అప్పటికప్పుడు కలిపేవాళ్ళు. తడి ఆరకముందే దుప్పటికి మడమ ఆనించాల, అప్పుడు అర్ధచంద్రం మాదిరి మరక పడుతుంది. ఆ మడమ గుర్తు సరిగ్గా పడేదానికి ఆయన ఎన్ని దుప్పట్లు పాడు చేసినాడో.

సైరంధ్రి వేషగాడు ఎందుకు చంపినాడు అనేది నాకు అన్నిటికన్నా ముఖ్యం. 30 ఏళ్ళు ద్రౌపదిగా, చంద్రమతిగా ఊళ్ళను ఏడిపించిన మనిషి ఆయన. కాంట్రాక్టరు ఆ రోజు సాయంత్రం ముఖానికి రంగు పూసుకుంటా ఉన్నప్పుడు చెప్తాడు, వచ్చే జాతరకు ఆడమనిషిని పిలిపిస్తాండా, నువ్వింక తెర లాగేదానికి ఉండు అని. ఇక్కడ నేను చాలా ఆలోచించినా. తాడిపత్రిలో పుట్టిన నటుడు బళ్ళారి రాఘవ గారు ఆడవేషాలు ఆడవాళ్ళే వేయాలని ఆ కాలంలోనే గట్టిగా నిలబడినారు, సురభి వాళ్ళయితే మొదటి నుంచీ ఆడవాళ్ళతోనే వేయించినారు, అది న్యాయమే, నేను రాఘవ గారి పక్షమే. కానీ ఆ న్యాయం వచ్చిన రోజున చీర విప్పేసి తెర తాడు పట్టుకున్న మనుషులు ఉంటారు కదా, వాళ్ళకు ఎవరు ఏం చెప్పినారు? మా పెద్దాయన అట్లాంటి ఇద్దర్ని చూసినాడంట, ఒకాయన వేషాలు మానేసినాక కూడా జుట్టు కత్తిరించుకోలేదంట. ఆ మాట చెప్పి పెద్దాయన హార్మోనియం బెల్లోస్ మూసి చాలాసేపు మాట్లాడలేదు.

ఇంత చేసుకుని పోటీకి పోతే రెడ్ లైటు మింగేసింది. హత్య అంటే రెడ్ లైట్ వేసేది లైటింగ్ ఆయనకు అలవాటు, తెర పడే సీను నుంచి అట్లాగే పెట్టేసినాడు. ఆయన తప్పు లేదు, ఆ మరక గురించి ముందుగా చెప్పాల్సింది మేము, చెప్పలేదు. మేము రెండు నెలలు స్కూల్లో ట్యూబ్‌లైటు కింద చేసినాం, అక్కడ మరక ఎంత బాగా కనపడిందో. ఎర్ర జెలటిన్ పేపర్ గుండా వచ్చేది ఎర్ర వెలుగు ఒక్కటే, తెల్ల గుడ్డ దాన్ని తిప్పి పంపితే ఎర్రగా ఉంటుంది, ఎర్ర మరకా అదే పని చేస్తుంది, పసుపూ అంతే, ఇంక కంటికి తేడా ఎట్లా తెలుస్తుంది. ఆకుపచ్చ లైటు అయితే మరక నల్లగా అయినా కనపడేది. ఇదంతా నాకు బస్సులో తిరిగి వచ్చేటప్పుడు అర్థమైంది. జడ్జీలు హార్మోనిస్ట్ ఉట్టినే హంతకుడి పేరు చెప్పేసినాడు, ఆధారం లేదు అన్నారు, వాళ్ళు కూర్చున్న చోటు నుంచి అది నిజమే. మర్డర్ నాటికలో ఆధారం జనం కళ్ళముందు పెట్టకుండా హంతకుణ్ణి చూపిస్తే అది మోసమే, మేము చేయాలనుకోలేదు కానీ ఆ రాత్రి జనాన్ని మోసం చేసినట్టే అయింది. నాకు ప్రైజు పోయినందుకు కాదు, దీనికి ఏడుపు వచ్చింది. దర్జీ అన్న దారి పొడుగునా కాళ్ళకున్న పారాణి కడుక్కోకుండానే కూర్చున్నాడు.

మూడు వారాలకు కండక్టర్ అన్న వాళ్ళ ఊరి తిరునాళ్ళలో ఆడే అవకాశం వచ్చింది, రాయచోటి దారిలో ఒక పల్లె. గుడి ముందర కట్టె బల్లలు వేసి స్టేజీ, లైట్లంటే రెండు తెల్ల ఫోకస్ లైట్లు, రంగు పేపర్లు ఏమీ లేవు. నేను ముందే పోయి మూడు సార్లు దుప్పటి పరిచి ఆఖరి వరస నుంచి చూసుకున్నా. ముందు వరసలో చాపల మీద ఆడవాళ్ళు, పిల్లలు. గొంతు పట్టుకునే సీను అయింది, తెర పడింది, మళ్ళీ లేసింది, పోలీసాయన దుప్పటి ఎత్తి "రక్తం" అన్నాడు.

"యాడి రక్తం, అది పారాణేలే" అనింది చాప మీద ఒక అవ్వ, పక్కనామెతో చెప్పినట్టుగానే, కానీ అందరికీ వినపడింది. పక్కనామె "అవును, సున్నం ఎక్కువైంది" అనింది. ఆ వరసంతా ఒకరికొకరు చెప్పుకుంటా అందరూ ఒక్కసారి సైరంధ్రి కాళ్ళ వైపు చూసినారు. దర్జీ అన్న అప్పుడు స్టేజీ మీద మూలన నిలబడి ఉన్నాడు, అట్లా చేయమని నేను చెప్పలేదు, ఆయనంతట ఆయనే మెల్లగా చీర కుచ్చెళ్ళు జారవిడిచి పాదాలు లోపలికి దాచుకున్నాడు. ఆ పల్లె మొత్తం గుసగుసలాపేసింది. పెద్దాయన నిమ్మచెక్క ఎత్తుకుని, పిండాలా వద్దా అన్నట్టు వింగులో ఉన్న నా వైపు చూసినాడు, నేను పిండమని తల ఊపినా. మరక పసుప్పచ్చగా తిరిగింది. అవ్వ "అయ్యో, ఎందుకు చేసినావు నాయనా" అనింది దర్జీ అన్నతో, నాటకం అని మరిచిపోయి.