స్తంభంలో ఉన్నాడా? పిల్లలతో అహోబిలం

"దేవుడు నిజంగా ఉన్నాడా?" అని పిల్లలు అడిగితే గుడిలో నిలబడి జవాబు చెప్పడం కష్టం. చుట్టూ జనం, తోపులాట. మనం నోరు తెరిచేలోపే వెనకనుంచి ఎవరో ఒకావిడ "తప్పమ్మా, అలా అనకూడదు, కళ్ళు పోతాయ్" అంటుంది. అహోబిలం సంగతి వేరు. అక్కడ ఆ ప్రశ్న స్థలపురాణంలోనే ఉంది. "ఉంటే చూపించు, ఈ స్తంభంలో ఉన్నాడా?" అని అడిగింది తండ్రి. ఉన్నాడని చెప్పింది కొడుకు. మన ఇళ్ళలో అడిగేది పిల్లలు, చెప్పేది పెద్దలు. నల్లమల కొండల్లోని ఈ అహోబిలంలో అది తలకిందులైంది.

మేం వెళ్ళింది సంక్రాంతి దాటాక. ముగ్గురు పెద్దలం, ముగ్గురు పిల్లలు: 6, 9, 14 ఏళ్ళవాళ్ళు. నంద్యాల మీదుగా ఆళ్ళగడ్డ, అక్కణ్ణుంచి పాతిక కిలోమీటర్లకు కాస్త అటూఇటూగా దిగువ అహోబిలం. రాత్రి బస అక్కడే. ఎగువ అహోబిలం ఇంకో 8 కిలోమీటర్లు, గుడి దాకా రోడ్డుంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళు అక్టోబరు, ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. అమెరికా నుంచి వేసవి సెలవులకి వచ్చిన పిల్లల్ని మే నెలలో ఈ కొండలెక్కిస్తే, వాళ్ళకి గుర్తుండేది నరసింహుడు కాదు, వడదెబ్బ.

ఇక్కడ తొమ్మిది గుళ్ళలో తొమ్మిది రూపాల్లో ఉన్న నవ నారసింహుల్నీ ఒకే రోజులో చూపించాలన్న పంతం వద్దు. రెండు రోజులు కావాలి. మొదటి రోజు దిగువన ప్రహ్లాద వరదుడి గుడి, తర్వాత జీపు మాట్లాడుకుని భార్గవ, యోగానంద, ఛత్రవట నారసింహులు. రెండో రోజు పొద్దున్నే ఎగువకి: కారంజ, అహోబిల, క్రోడ, జ్వాలా, మాలోల. పావన నారసింహుడి దగ్గరికి అడవిలో ఎగుడుదిగుడు దారి, జీపులో ఒళ్ళు హూనమవుతుంది. పదేళ్ళలోపు పిల్లలుంటే దాన్ని ఇంకోసారికి వాయిదా వెయ్యండి. ఉగ్రస్తంభం అనే రాతి శిఖరం పైదాకా ఎక్కడం పిల్లల పని కాదు, కిందనుంచి చూపిస్తే చాలు.

మొదటి ప్రశ్న దిగువ గుడిలోనే వచ్చింది, అదీ మేం అనుకోని వైపునుంచి. కనుమ నుంచి పారువేట మొదలవుతుంది. ఉత్సవమూర్తులు పల్లకీలో చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతారు, దాదాపు నలభై రోజులు. స్వామి తన పెళ్ళికి అందర్నీ స్వయంగా పిలవడానికి వెళ్తాడని చెబుతారు. ఆయన పెళ్ళాడిన చెంచులక్ష్మి ఇక్కడి అడవిలోని చెంచు గిరిజనుల పిల్ల, కాబట్టి చెంచులకి ఆయన ఇంటి అల్లుడు. "స్వామి ఊళ్ళోకి వెళ్ళాడు" అని పెద్దవాళ్ళెవరో అన్నారు. ఆరేళ్ళవాడు వెంటనే అందుకున్నాడు: "అయితే గుళ్ళో లేడా? మనం ఎందుకొచ్చాం?"

ఇలాంటిచోట పెద్దలు చేసే పొరపాటు నవ్వెయ్యడం. వాడు నవ్వించడానికి అడగలేదు. 4 నుంచి 6 ఏళ్ళ పిల్లలకి దేవుడంటే ఎక్కడో ఒకచోట ఉండాల్సిన మనిషి. ఎక్కడ పడుకుంటాడు, ఏం తింటాడు, ఊరెళితే ఇంట్లో ఎవరుంటారు? వీళ్ళకి "అంతటా ఉంటాడు" అని చెప్తే బుర్రకెక్కదు సరిగదా, బాత్రూములో కూడా ఉన్నాడా అని భయం పట్టుకుంటుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పడం మేలు: "లోపల కదలని విగ్రహం ఒకటుంది, దాన్ని మూలవిరాట్టు అంటారు. ఊరేగింపుకి తీసుకెళ్ళేది వేరే చిన్న విగ్రహం. ఊళ్ళోకి వెళ్ళింది ఆ చిన్నది." వాడికి అది చాలింది. ప్రశ్న ఎంతుందో జవాబు అంతే ఉండాలి. పావు గ్లాసు అడిగినవాడికి బిందెడు పొయ్యకూడదు.

రెండో రోజు ఆరున్నరకల్లా ఎగువకి చేరాం. మనిషికి లీటరున్నర నీళ్ళు, వేయించిన వేరుశెనగలు, బెల్లం, నువ్వుండలు. సంచి జిప్పు గట్టిగా వేసి, పిల్లల భుజానికి కాక పెద్దవాళ్ళ భుజానికే ఉంచాలి, కోతులకి పిల్లలంటే లెక్కలేదు. దారిలో ఊతకర్రలు దొరుకుతాయి, తీసుకోండి. ముసలివాళ్ళుంటే డోలీ మాట్లాడుకోవచ్చు. గుడి తలుపులు మధ్యాహ్నం కొంతసేపు మూస్తారు, ఆ రోజు వేళలు ముందు కనుక్కుని నడక మొదలెట్టండి.

ఎగువ గుడికి కిలోమీటరు ముందే కారంజ నారసింహుడు. కారంజం అంటే కానుగ చెట్టు. ఇక్కడి కథ పిల్లలకి చెప్పితీరాలి. ఆంజనేయుడు ఈ కానుగ కింద రాముడి కోసం తపస్సు చేశాడట. నరసింహుడు ప్రత్యక్షమై నేనే ఆ రాముణ్ణి అంటే హనుమంతుడు ఒప్పుకోలేదట. నా రాముడైతే విల్లు ఉండాలి కదా అన్నాడట. అందుకే ఇక్కడి స్వామి చేతిలో విల్లు. తొమ్మిదేళ్ళమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది: "హనుమంతుడు కూడా ప్రూఫ్ అడిగాడా?" అడిగాడు. అంత భక్తుడూ ఎదురుగా నిలబడ్డ దేవుణ్ణి నమ్మలేదు. దానికి దేవుడు కోప్పడలేదు, విల్లు పట్టుకొచ్చాడు. ఏడెనిమిదేళ్ళు దాటిన పిల్లలకి కావాల్సింది సరిగ్గా ఇదే. "ఎవరు చూశారు? నీకెలా తెలుసు?" అని అడిగే వయసు అది. అడగడం తప్పు కాదని మనం వందసార్లు చెప్పేకంటే కానుగ చెట్టు ఒక్కసారి చెప్తుంది.

ఎగువ గుడి దాటాక భవనాశి వాగు వెంట నడక. గుండ్రాళ్ళ మీద అడుగు చూసుకుని వెయ్యాలి, నాచు పట్టిన రాయి మీద చెప్పు నిలవదు. క్రోడ నారసింహుణ్ణి చూసుకుని జ్వాలా వైపు ఎక్కాం. పిల్లల నడకతో, ఆగుతూ, మాకు రెండు గంటలు పైగా పట్టింది. సగం దారిలో చిన్నవాడు కూలబడి "దేవుడుంటే నాకు కాళ్ళెందుకు నొప్పెడుతున్నాయి?" అన్నాడు. ఇది వేదాంతం కాదు, ఆకలి. నువ్వుండ పెడితే ప్రశ్న పోయింది. అలసటలో, నిద్రలో, జ్వరంలో వచ్చే ప్రశ్నలకి ముందు ఒంటి సంగతి చూడాలి. కడుపు నిండాక కూడా అదే ప్రశ్న మళ్ళీ వస్తే అప్పుడు కూర్చుని మాట్లాడాలి.

జ్వాలా నారసింహుడి దగ్గర కొండ అంచు ముందుకు వంగి ఉంటుంది. వానాకాలంలో దాని మీదనుంచి నీళ్ళు దూకుతుంటే కిందనుంచి నడిచి వెళ్ళాలి. మేం వెళ్ళేటప్పటికి సన్నటి ధారే మిగిలింది, అయినా అందరం తడిశాం. పక్కన రక్తగుండం. హిరణ్యకశిపుణ్ణి చంపాక స్వామి ఇక్కడ చేతులు కడుక్కున్నాడని, నీళ్ళు అందుకే ఎర్రగా ఉంటాయని చెప్తారు. లోపల విగ్రహం పేగులు తీస్తున్నట్టుంటుంది. ఆరేడేళ్ళవాళ్ళకి ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్ళండి, లేకపోతే రాత్రి కలవరిస్తారు.

ఆ దారినుంచే ఉగ్రస్తంభం కనిపిస్తుంది. నిలువునా చీలిన పెద్ద రాతి శిఖరం. నరసింహుడు అందులోంచే వచ్చాడని నమ్మకం. పద్నాలుగేళ్ళవాడు అప్పటిదాకా ఫోనులోంచి తల ఎత్తలేదు, దాన్ని చూసి ఎత్తాడు. "నిజంగా ఇందులోంచే వచ్చాడా?"

ఇక్కడ మన భాష ఆదుకుంటుంది. తెలుగులో "వచ్చాడు" వేరు, "వచ్చాడట" వేరు, "వచ్చాడని నేను నమ్ముతాను" వేరు. మధ్యలో ఒక్క "ట" మీద ఎంత బరువుందో చూడండి. నేను చూడలేదు, విన్నది చెప్తున్నాను అని ఆ ఒక్క అక్షరం ఒప్పేసుకుంటుంది. పిల్లలతో దేవుడి గురించి మాట్లాడేటప్పుడు ఈ మూడింటినీ కలిపెయ్యకపోతే సగం గొడవ ఉండదు. మేం చెప్పింది ఇంతే: ఈ నల్లమల రాయి క్వార్ట్‌జైట్, వంద కోట్ల ఏళ్ళకి పైబడిన వయసు. గట్టిరాయిలో సహజంగా పగుళ్ళుంటాయి, వానా ఎండా వాటిని వెడల్పు చేస్తాయి. ఇది కొలిచి చెప్పగలిగింది. స్వామి ఇందులోంచి వచ్చాడట. ఇది తరతరాలుగా చెప్పుకుంటున్నది. మీ నానమ్మ వచ్చాడనే నమ్ముతుంది. నీ సంగతి నువ్వు తేల్చుకో, తొందరేం లేదు.

పెద్దలు రెండు రకాలుగా దెబ్బతింటారు. కొందరు రాయి సంగతి దాచేస్తారు. పిల్లవాడు తొమ్మిదో తరగతి పుస్తకంలో అది చదివిన రోజున కథతో పాటు మన మాటా పోతుంది. ఇంకొందరు కథని "ఉత్తదే" అని కొట్టిపారేస్తారు. అప్పుడు నానమ్మ అబద్ధాలకోరు అవుతుంది. రెండూ నష్టమే.

మాలోల నారసింహుడి దగ్గర స్వామి శాంతంగా లక్ష్మీదేవితో ఉంటాడు. అక్కడికి దగ్గర్లోనే ప్రహ్లాదబడి. చిన్న గుహ, బయట రాతి మీద గీతలు. ప్రహ్లాదుడు రాసుకున్న అక్షరాలంటారు. పలక మీద పిల్లలు దిద్దినట్టే వంకరటింకరగా ఉంటాయి. ఆరేళ్ళవాడు ఒక గీతలో వేలు పెట్టి చివరిదాకా లాగి, "నాకన్నా బాగా రాయలేదు" అని తేల్చాడు.

మేం ఎక్కువసేపు కూర్చుంది ఇక్కడే. ఉగ్రస్తంభంకన్నా పెద్ద సంగతి ఈ బడిలో ఉందని నా లెక్క. హిరణ్యకశిపుడు చచ్చింది దేవుడు లేడన్నందుకు కాదు. కథ మళ్ళీ చూసుకోండి. విషం పెట్టించాడు, ఏనుగులతో తొక్కించాడు, నిప్పుల్లో తోయించాడు, కొండమీంచి పడేయించాడు. చండామార్కులనే గురువుల్ని పెట్టి తన జవాబునే వల్లె వేయించబోయాడు. తనకి నచ్చని జవాబు చెప్పినందుకు కన్నకొడుకుని పెట్టిన బాధ అది. ఇప్పుడు ఇళ్ళలో పాత్రలు మారాయి, అంతే. పిల్లవాడు లేడంటాడు, తండ్రి ఉన్నాడనిపించాలని చెంప మీద కొడతాడు. నోట నారాయణ నామమే ఉన్నా, చేతులు హిరణ్యకశిపుడివే.

తొమ్మిదేళ్ళమ్మాయి అడిగింది: "దేవుణ్ణి నమ్మనివాళ్ళు చెడ్డవాళ్ళా?" కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా గారి సంగతి చెప్పాం. దేవుడు లేడనేవారు, అంటరానితనం మీద జీవితమంతా పోరాడారు. గాంధీగారితో సేవాగ్రామ్‌లో కూర్చుని ఇదే విషయం మాట్లాడారు, ఇద్దరూ స్నేహంగానే ఉన్నారు. పద్నాలుగేళ్ళవాడికి ఇంకో సంగతి. పోతన గజేంద్రుడు మొసలి నోట్లో కాలుండగా "కలడు కలండనెడివాడు కలడో లేడో" అనుకుంటాడు. అనుమానం వచ్చిందని స్వామి రాకుండా మానలేదు. ఈ పద్యం మనలో చాలామంది బడిలో బట్టీ కొట్టినవాళ్ళమే. చివరి రెండు మాటల మీద ఎంతమందిని ఆగనిచ్చారు?

కష్టమైన ప్రశ్న దిగేటప్పుడు వచ్చింది. "ప్రహ్లాదుణ్ణి ప్రతిసారీ కాపాడాడు కదా. తాతయ్య కోసం మేమంతా దణ్ణం పెట్టాం. ఎందుకు కాపాడలేదు?" ఇలాంటప్పుడు చెప్పకూడని జవాబులు రెండున్నాయి. "దేవుడికి ఇష్టమైనవాళ్ళని ముందు తీసుకెళ్తాడు" అనొద్దు. విన్న పిల్లలు మంచిగా ఉండటానికే జంకుతారు. "మనం సరిగ్గా మొక్కలేదేమో" అని అసలే అనొద్దు. చావు తమ తప్పని పిల్లలు ఏళ్ళ తరబడి మోస్తారు. తెలియదు అని చెప్పండి. తాతయ్య గుండె జబ్బుతో పోయారు, డాక్టర్లు చేయగలిగింది చేశారు, అది తెలుసు. దేవుడు ఎందుకు ఆపలేదో నాకూ తెలియదు, నేనూ అడిగాను. ఈ మాట చెప్పాక ఊరుకోవాలి. ఆ ఊరుకోవడమే కష్టం, ఏదో ఒకటి కలపాలని నోరు లాగుతుంది. చెయ్యి పట్టుకుని నడిచాం. వాగు దాటేదాకా ఎవరూ ఏం మాట్లాడలేదు.

సాయంత్రం దిగువకి వచ్చేశాం. గుడి దగ్గర శ్రీకృష్ణదేవరాయల జయస్తంభం ఉంది. ఆరేళ్ళవాడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి అన్నని అడిగాడు: "ఇందులో కూడా ఉన్నాడా?"

"తట్టి చూడు."

వేలు మడిచి మూడుసార్లు తట్టాడు. చెవి ఆనించి విన్నాడు. వేలు నొప్పెట్టిందన్నాడు. ఇంతలో ఎవరో పులిహోర ప్రసాదం పెడుతున్నారని తెలిసి, ముగ్గురూ అటు పరిగెత్తారు.