నాన్నగారి కోసం షికాగో

జూన్ 14, శనివారం. బ్లూమింగ్టన్, ఇల్లినాయ్.

ఉదయం పెసరట్లు తినడం అయ్యాక భోజనాల బల్ల తుడిచి, ల్యాప్‌టాప్ తెచ్చి పెట్టి, ఈ రోజు ఎలాగైనా షికాగో ప్రయాణం సంగతి తేల్చాలని అందరినీ కూర్చోబెట్టాను. అమ్మ, నాన్నగారు రాజమహేంద్రవరం నుంచి వచ్చి ఐదు వారాలైంది. ఇన్నాళ్ళలో వాళ్ళు చూసింది మా వీధి, పక్కనున్న పార్కు, రెండు ఇండియన్ దుకాణాలు, నలుగురు స్నేహితుల ఇళ్ళు, పోయిన ఆదివారం పియోరియాలో ఇల్లినాయ్ నది ఒడ్డు, అంతే. రెండు వందల కిలోమీటర్ల దూరంలో అంత పెద్ద నగరం ఉండగా వాళ్ళను ఇంట్లోనే కూర్చోబెట్టామన్న బాధ నాకు రోజూ ఉంటూనే ఉంది. జూలై 4 సెలవుల రద్దీ తగ్గాక, 10వ తేదీ గురువారం బయలుదేరి 13వ తేదీ ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలన్నంత వరకు ముందే అనుకున్నాం. ఆ నాలుగు రోజుల్లో ఏం చూడాలన్నదే మిగిలింది.

మూడేళ్ళ క్రితం డిసెంబరులో మేము ముగ్గురమే అక్కడికి వెళ్ళినప్పుడు, రెండు రోజుల్లో పదకొండు చోట్లు చూడాలని కాగితం మీద గంటల లెక్కన రాసుకున్నాను. హోటలు వాళ్ళు కారు నిలపడానికి రోజుకింత అని విడిగా తీసుకుంటారని మాకు తెలియలేదు. చివరి రోజు బిల్లు చూసి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. ఆ ప్రయాణంలో ఏం చూశావని ఇప్పుడు ఎవరైనా అడిగితే నాకు స్పష్టంగా గుర్తున్నది మా అబ్బాయి తడిసిన చేతి తొడుగులను హోటలు గదిలో హీటరు మీద ఆరబెట్టడం ఒక్కటే. అందుకే ఈసారి పూటకు ఒక్క చోటు మాత్రమే ఉండాలని, అది కూడా ఇంట్లో ఎవరో ఒకరు మనసారా కోరుకున్నదే కావాలని మొదటే చెప్పాను.

మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. వాడి కోరిక ఎప్పుడో ఖాయమైపోయింది: ఫీల్డ్ మ్యూజియంలో ఉన్న సూ అనే టిరానోసార్ అస్థిపంజరం. 1990లో దక్షిణ డకోటాలో దొరికిన ఆ ఎముకల కథంతా వాడు వాళ్ళ అమ్మమ్మకు వారం రోజులుగా చెబుతున్నాడు. మావారికి విల్లిస్ టవర్ ఎక్కాలని ఉంది. 110 అంతస్తుల, 442 మీటర్ల ఎత్తైన ఆ కట్టడాన్ని గాలి తాకిడికి నిలబడేలా గొట్టాలను కట్టగట్టినట్టు రూపొందించిన ఇంజనీరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ ఢాకాలో పుట్టినవాడని ఆయన ఎంతో గర్వంగా చెబుతారు. 103వ అంతస్తులో గాజు నేల మీద నిలబడే సాహసం తనకు అక్కరలేదని అమ్మ వెంటనే తప్పుకుంది. ఆ పూట తండ్రీకొడుకులు పైకి వెళితే మేం కింద కాఫీ తాగుతాం.

అమ్మ అడిగింది ఒక్కటే: వివేకానందుడు మాట్లాడిన చోటు. 1893 సెప్టెంబరు 11న ఆయన మాట్లాడిన భవనమే ఇప్పటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. ఆనాటి హాలు అలాగే లేకపోయినా ఆ భవనం మిషిగన్ అవెన్యూ మీద రెండు కంచు సింహాల మధ్య అలాగే నిలిచి ఉంది, ఆ వీధిలో కొంత భాగానికి గౌరవంగా ఆయన పేరు కూడా పెట్టారు. ఆయన అమెరికాకు బయలుదేరే ముందు, అదే ఏడాది ఫిబ్రవరిలో, సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో తన పశ్చిమ దేశ ప్రయాణం గురించి ఉపన్యసించారని మావారు అన్నారు. మావారు పుట్టి పెరిగింది అక్కడికి రెండు వీధుల అవతలే. అమ్మ ఆ మాట వినగానే కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. అక్కడ ఎక్కువ మెట్లు ఎక్కకుండా లోపలికి వెళ్ళే దారి కనుక్కోవడం నా బాధ్యత, ఎందుకంటే ఆమె మోకాళ్ళు ఒక అంతస్తు దాటితే సహకరించవు. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో నేను ఫ్రెంచి చిత్రకారుడు సెరా గీసిన ఆదివారపు ఏటి ఒడ్డు చిత్రం ముందు ఒక అరగంట కూర్చుంటాను. చుక్కలతో గీసిన ఆ చిత్రాన్ని పోయినసారి నడుస్తూ నడుస్తూ దాటేశాను.

ఇంత మాట్లాడుకుంటున్నా నాన్నగారు నోరు మెదపలేదు. ఆయన నగరం పటాన్ని తెర మీద పెద్దది చేసుకుని, నీలం గీతను వేలితో వెంబడిస్తూ చాలాసేపు చూసి, "అమ్మా, ఈ నది సరస్సులోకి పోతోందా, సరస్సులోంచి వస్తోందా?" అని అడిగారు. నేను ఈ రాష్ట్రానికి వచ్చి పదకొండేళ్ళైంది, ఆ నది మీద వంతెనలు ఎన్నిసార్లు దాటానో లెక్కలేదు, కానీ ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. నాన్నగారు ముప్పై రెండేళ్ళు నీటిపారుదల శాఖలో పనిచేసి, గోదావరి తూర్పు డెల్టా కాలువల మీద, పడవలను ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి చేర్చే లాకులకు సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఏ నీళ్ళను చూసినా ఆయన మొదట చూసేది అది ఎటు పోతోందన్నదే.

తర్వాత రెండు గంటలూ ఇల్లంతా ఆ ప్రశ్న వెంటే నడిచింది. షికాగో నది ఒకప్పుడు నగరం పక్కనున్న మిషిగన్ సరస్సులోకే ప్రవహించేది. నగరం మురుగంతా ఆ నదిలో కలిసేది, నది సరస్సులో కలిసేది, నగరం తాగే నీళ్ళేమో ఆ సరస్సువే. తీరానికి దూరంగా, సరస్సు అడుగున రెండు మైళ్ళ సొరంగం తవ్వి 1867లో మంచినీళ్ళు తెచ్చుకున్నా మురుగు అక్కడిదాకా చేరే ప్రమాదం తప్పలేదు. చివరకు 45 కిలోమీటర్ల కాలువ తవ్వి 1900 జనవరిలో నీళ్ళు వదిలారు. ఆ కాలువ నది కంటే లోతుగా, పడమటికి వాలుగా ఉండటంతో నది వెనక్కి తిరిగి, సరస్సు నీళ్ళను తనతో తీసుకుని డెస్ ప్లెయిన్స్ నదిలోకి, అక్కడి నుంచి ఇల్లినాయ్ నదిలోకి, ఆ పైన మిసిసిపీలోకి పోవడం మొదలైంది. "అంటే పోయిన ఆదివారం పియోరియాలో మనం చూసిన నీళ్ళలో ఆ సరస్సు నీళ్ళు కూడా ఉన్నాయన్నమాట," అన్నారు నాన్నగారు. ఆ ఒడ్డున ఆయన ఒక్కరే చాలాసేపు నిలబడిపోవడం, ఎండగా ఉంది రమ్మని మేము తొందరపెట్టడం నాకు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

దిగువ రాష్ట్రమైన మిస్సోరీ ఆ మురుగు తమ మీదికి వస్తోందని సుప్రీం కోర్టుకు వెళ్ళి 1906లో ఓడిపోయిందని చదివి వినిపిస్తే, "ఎగువ, దిగువ తగాదాలు ఎక్కడైనా ఒకటే," అన్నారు ఆయన. సరస్సు నుంచి ఎంత నీరు మళ్ళించవచ్చో కూడా ఆ కోర్టే తర్వాత హద్దు పెట్టింది, 3,200 క్యూసెక్కులని. ఆ అంకె వినగానే ఆయన ముఖం వెలిగింది. క్యూసెక్కులన్న మాట ఈ ఇంట్లో వినిపించి ఎన్ని నెలలైందో! 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన రాత్రి తాను గట్టు మీద ఇసుక బస్తాలు వేయిస్తూ ఎలా ఉన్నారో మనవడికి మొదటిసారి చెప్పారు. వాడు డైనోసార్‌ను మరిచిపోయి వింటూ కూర్చున్నాడు.

సరస్సుకూ నదికీ మధ్య లాకు ఉందన్న సంగతి తెలిసింది ఆ తర్వాతే. 1938లో పూర్తయిన ఆ లాకు 600 అడుగుల పొడవు, 80 అడుగుల వెడల్పు ఉంటుంది, సరస్సు మట్టం నది కంటే సాధారణంగా రెండు నుంచి ఐదడుగులు ఎక్కువ. నాన్నగారు సరుకుల రసీదు వెనకవైపు పెన్సిలుతో రెండు గీతలు గీసి, మధ్యలో చిన్న పడవ వేసి, మా అబ్బాయికి చెప్పడం మొదలుపెట్టారు: పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూస్తారు, తూముల్లోంచి నీళ్ళు వదులుతారు, లోపలి మట్టం బయటి మట్టంతో సమానమయ్యే వరకు ఆగుతారు, అప్పుడే ముందు తలుపులు తెరుస్తారు, తొందరపడితే తలుపులు కదలనే కదలవు. ఆయన వేలు రసీదు మీద ఎంత మెల్లగా కదిలిందంటే ఆ నీళ్ళు నిండటం నాకు కళ్ళకు కట్టింది. అయితే షికాగో లాకుకు వేరుగా తూములు లేవట. గుండ్రటి రొట్టెలో కోసిన ముక్కలాంటి ఆకారంలో ఉండే తలుపులనే కొద్దికొద్దిగా తెరిచి ఆ సందులోంచి నీళ్ళు నింపుతారట. ఆయన అది నమ్మలేక నా చేత రెండుసార్లు చదివించుకున్నారు.

నేను అప్పటికే ఒక పడవ విహారం ఎంచి పెట్టాను. అది నదిలోనే తిరుగుతూ ఒడ్డునున్న ఎత్తైన భవనాల చరిత్ర చెబుతుంది, చాలా మంది మెచ్చుకుంటారు. దాన్ని పక్కన పెట్టి, గంటన్నరలో నదిలోంచి లాకు దాటి సరస్సులోకి వెళ్ళి తిరిగి అదే దారిన వచ్చే విహారానికి ఐదు టికెట్లు తీసుకున్నాను. లాకులో ఒకసారి పైకి, ఒకసారి కిందికి. శుక్రవారం ఉదయం మొదటి పడవ. ఈ నాలుగు రోజుల్లో మరేదైనా తప్పితే తప్పనీ, ఇది తప్పకూడదని అందరికీ చెప్పాను.

అమ్మకు మాత్రం సరస్సు మీదే సందేహం. చెరువైతే అవతలి గట్టు కనిపించాలి కదా, గోదావరికి కూడా అవతల కొవ్వూరు కనిపిస్తుంది కదా, అంటుంది. ఈ మిషిగన్ సరస్సు దాదాపు 58 వేల చదరపు కిలోమీటర్లు, మన ఆంధ్రప్రదేశ్‌లో మూడో వంతుకు పైగా ఉంటుందని చెబితే, "అయితే అది సముద్రమే, ఉప్పగా ఉంటుందా?" అని అడిగింది. కాదమ్మా, మంచినీళ్ళే, ఆ ఊరు తాగేవి అవే అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, అయితే కాళ్ళైనా తడుపుకోవాలి అంది. జూలైలో నీళ్ళు మరీ చల్లగా ఉండవు. ఓక్ స్ట్రీట్ దగ్గర ఇసుక ఒడ్డు నగరం నడిబొడ్డునే ఉంది. టికెట్టు లేదు, గేటు లేదు.

అక్కడికి దక్షిణాన, ఇప్పటి గ్రాంట్ పార్కు ఉన్న ఒడ్డు కూడా అలాగే తెరిచి ఉండటం వెనక ఒక కథ ఉందని ఈ రోజే తెలుసుకున్నాను. 1836లో, ఇంతకు ముందు చెప్పిన దానికంటే పాతదైన ఇల్లినాయ్-మిషిగన్ కాలువ కమిషనర్లు గీసిన పటం మీద, ఆ ఒడ్డు ఎప్పటికీ ఏ కట్టడమూ లేకుండా అందరి కోసం తెరిచే ఉండాలని రాశారు. అర్ధ శతాబ్దం తర్వాత అక్కడ కట్టడాలు లేపబోతే, మిషిగన్ అవెన్యూలో వ్యాపారం చేసే ఆరన్ మాంట్‌గొమరీ వార్డ్ అనే ఆయన ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని 1890 నుంచి రెండు దశాబ్దాలు కోర్టుల చుట్టూ తిరిగారు. ఊళ్ళో పెద్దలందరూ ఆయనను ఆడిపోసుకున్నా వదలలేదు. మా అబ్బాయి డైనోసార్ ఉన్న మ్యూజియాన్ని కూడా గ్రాంట్ పార్కు మధ్యలో కట్టనివ్వలేదు, అందుకే అది దక్షిణాన జరిగింది. నాన్నగారు ఇది విని చాలాసేపు మౌనంగా ఉన్నారు. కాలువ గట్ల మీద ఆక్రమణలకు ఆయన తన చేతులతో ఎన్ని నోటీసులు రాశారో, వాటిలో ఎన్ని బీరువాల్లోనే ఉండిపోయాయో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. "ఆయన విగ్రహం ఏదైనా ఉందేమో చూడు," అని మాత్రం అన్నారు. గ్రాంట్ పార్కులో నడవడానికి శనివారం సాయంత్రమంతా ఉంచాను. బకింగ్‌హామ్ ఫౌంటెన్ కూడా అక్కడే ఉంది, కూర్చోవడానికి బెంచీలున్నాయి.

ఈసారి కారు వద్దని ముందే అనుకున్నాం కనుక రైలుకే వెళుతున్నాం. రెండున్నర గంటల లోపు ప్రయాణం, దిగేది యూనియన్ స్టేషన్‌లో, హోటలు అక్కడికి దగ్గర. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ అమ్మ చూసుకుంటుంది. దేవాన్ వీధిలో మనవాళ్ళ దుకాణాలు చూద్దామా అంటే, మనవి ఇక్కడ దొరుకుతూనే ఉన్నాయి కదా, అంత దూరం ఎందుకు అంది. గుడి మాత్రం కావాలంది. లెమాంట్‌లో రామాలయం ఉంది, అది నగరానికి నైరుతిన చాలా దూరం, కారు లేకుండా కుదరదు, దానికి ఆగస్టులో ఒక ఆదివారం విడిగా వెళదామని చెబుతూ పటంలో చూపిస్తుంటే నాన్నగారు ముందుకు వంగి, "ఆ పక్కన పోయేది ఆ కాలువే కదా?" అన్నారు. అవును, ఆ కాలువే. దాని మీద ఇంకాస్త దిగువన ఉన్న ఊరి పేరు లాక్‌పోర్ట్. ఊరి పేరులోనే లాకు ఉందని ఆయన సంబరపడ్డారు. మేము వెళ్ళే రైలు జోలియెట్ దాటాక ఆ రెండు ఊళ్ళ మీదుగానే షికాగో చేరుతుంది.

రాత్రి తొమ్మిదిన్నరకు, అంటే అక్కడ ఆదివారం ఉదయం ఎనిమిదికి, నాన్నగారు ధవళేశ్వరంలో ఉన్న తన పాత సహోద్యోగికి ఫోను చేశారు. నేను వంటింట్లో గిన్నెలు సర్దుతూ వింటున్నాను. ఆరోగ్యాలు, వానలు, ఈ ఏడాది కాలువలకు నీళ్ళు ఎప్పుడు వదిలారన్నవి అయ్యాక, "ఇక్కడ తిరకాసుగా ఉందండీ, నదిలోంచి బయటికి పోవాలంటే పడవ పైకి లేవాలి," అన్నారు. అవతలి నుంచి ఏదో గట్టిగా ప్రశ్న వచ్చింది. "లేవండీ, తూములే లేవు. తలుపు సందులోంచే. వచ్చే నెల చూసి వచ్చి చెబుతాను," అన్నారు. ఆ "చెబుతాను"లో ఉన్న హుషారు ఈ ఐదు వారాల్లో నేను వినలేదు.

ఆయన ఫోను పెట్టేసే లోపల రైలు టికెట్లు ఐదూ తీసుకున్నాను. నాన్నగారికి కిటికీ పక్క సీటు. అమ్మ సామాన్ల జాబితాలో చివర, మాత్రల డబ్బా కింద, తన చేత్తో ఒక మాట చేర్చింది: మూత బిగువుగా ఉండే చిన్న సీసా, ఖాళీది.