తిరిగి వెళ్లేటప్పుడు సామాను కాదు, సంతకాలు ముందు

విదేశం నుంచి తిరిగి వెళ్లిపోదామని నిర్ణయం కాగానే చాలామంది మొదట కొలిచేది సోఫాని. ఓడలో పడుతుందా, ఎంతవుతుంది, ఇక్కడే అమ్మేస్తే ఎంతొస్తుంది? నిజానికి సోఫా ఆఖరి పని. డబ్బు పెడితే సామాను ఎప్పుడైనా కదులుతుంది. కదలని పనులు వేరే ఉన్నాయి. ఆ దేశపు చిరునామా, ఫోన్ నంబరు, గుర్తింపు కార్డు మీ చేతిలో ఉన్నన్నాళ్లే అవి అవుతాయి. విమానం ఎక్కాక వాటికి నెలలు పడతాయి, కొన్ని అసలు కావు. అందుకే పనుల పట్టిక గదులవారీగా రాయకండి. ప్రతి పని పక్కనా "ఇది వెళ్లాక కూడా అవుతుందా?" అని రాసుకోండి. కాదు అన్న జవాబు వచ్చినవన్నీ పైకి జరపండి.

ఆ లెక్కన అన్నిటికంటే పైకి వచ్చేది ఫోన్ నంబరు. బ్యాంకు, పన్ను శాఖ, పింఛను ఖాతా, ఈమెయిలు, అన్నీ ఓటీపీ పంపేది దానికే. వెళ్లే రోజున కనెక్షన్ రద్దు చేసుకుంటే కొన్నాళ్లకు ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చేస్తారు. పోనీ కొత్త నంబరు నమోదు చేద్దామంటే, ఆ మార్పుకి అనుమతి అడిగే ఓటీపీ కూడా పాత నంబరుకే పోతుంది. చివరికి బ్యాంకు నుంచి వచ్చే జవాబు "స్వయంగా శాఖకు రండి". కనుక బయల్దేరడానికి రెండు నెలల ముందే నంబరును ఖర్చు తక్కువ ప్రీపెయిడ్ ప్లాన్‌లోకి పోర్ట్ చేయండి. విదేశంలో ఉండగా ఎస్సెమ్మెస్ అందుతుందా, ఎన్నాళ్లకోసారి రీఛార్జి చేస్తే నంబరు బతికుంటుంది, ఈ రెండూ అడిగి తెలుసుకోండి. ఇంటర్నెట్ మీద నడిచే నంబరుకు మార్చుకోవడం చవకే గాని, కొన్ని బ్యాంకులు అలాంటి నంబర్లకు ఓటీపీ పంపవు. కుదిరిన ప్రతి ఖాతానూ ఫోన్‌లోనే కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్‌కు మార్చి, బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద దాచుకోండి. ఫోన్ వాయిదాల మీద కొన్నదైతే బాకీ తీరేదాకా క్యారియర్ లాక్ (వేరే కంపెనీ సిమ్ పనిచేయకుండా వేసిన తాళం) తీయకపోవచ్చు. అదీ ముందే తేల్చుకోండి, లేకపోతే దిగాక మీ సిమ్ ఆ ఫోన్‌లో పనిచేయదు.

బ్యాంకు ఖాతా ఒక్కటైనా ఏడాదిపాటు తెరిచి ఉంచాలి. ఇంటి అడ్వాన్సు, కరెంటు బిల్లు మిగులు, పన్ను రీఫండు, ఆఖరి జీతం తేడాలు ఒకేసారి రావు. కొన్ని చెక్కు రూపంలో పాత చిరునామాకే వస్తాయి. తపాలా మళ్లింపు సదుపాయం ఉన్నచోట అది పెట్టుకోండి. అయితే ఆ దేశంలో నివాసం లేనివాళ్ల ఖాతా కొనసాగించని బ్యాంకులు ఉన్నాయి. షేర్ల ఖాతాల విషయంలో ఈ పట్టింపు మరీ ఎక్కువ, కొనుగోళ్లు ఆపేసి అమ్మకాలకు మాత్రమే ఒప్పుకునే సంస్థలూ ఉంటాయి. చిరునామా మార్చకముందే ఈ సంగతి వాళ్ల నియమాల్లో చదవండి. పాత చిరునామానే ఉంచేసి ఊరుకుందాం అనే సలహా కూడా వినిపిస్తుంది, దాని జోలికి పోకండి. సంపన్న దేశాల ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ 2014లో తెచ్చిన సీఆర్ఎస్ అనే సమాచార మార్పిడి విధానం కింద వందకు పైగా దేశాలు ఖాతాల వివరాలు ఏటా ఒకదానికొకటి పంపుకుంటున్నాయి. బ్యాంకులో మీరు రాసిచ్చిన నివాస దేశం, పన్ను రిటర్నులో రాసిన దేశం తేడాగా ఉంటే ఎప్పటికైనా బయటపడుతుంది.

తర్వాత కాగితాలు. పిల్లలు అక్కడ పుడితే జనన ధ్రువపత్రం, పెళ్లి అక్కడ జరిగితే ఆ ధ్రువపత్రం, డిగ్రీలు, మార్కుల పత్రాలు. వీటికి అపొస్టిల్ ముద్ర, అంటే పత్రం అసలైనదని ఇతర దేశాలకు చెప్పే ధ్రువీకరణ, వేయాల్సింది ఆ పత్రం ఇచ్చిన దేశమే, మీ స్వదేశం వేయడం కుదరదు. 1961 నాటి హేగ్ ఒప్పందంలో రెండు దేశాలూ ఉంటే ఒక్క అపొస్టిల్ సరిపోతుంది. ఏ ఒక్కటి లేకపోయినా విదేశాంగ శాఖ, తర్వాత రాయబార కార్యాలయం అంటూ రెండు మూడు ముద్రలు పడాలి. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, సంక్షిప్త జనన ధ్రువపత్రానికి ముద్ర వేయించుకోవడం. తల్లిదండ్రుల పేర్లున్న పూర్తి ప్రతి కావాలని తర్వాత తెలుస్తుంది. రెండు, అనువాదం ముందు చేయించుకోవడం. అపొస్టిల్ పడ్డ కాగితాన్ని, ఆ ముద్రతో సహా అనువదించమని అడిగే చోట్లున్నాయి. కాబట్టి పత్రాన్ని తీసుకునే కార్యాలయం ఏ వరుస కోరుతుందో చూసుకుని మొదలుపెట్టండి. పోలీసు క్లియరెన్సు పత్రం చెల్లుబాటు నెలల్లోనే ఉంటుంది, దాన్ని మరీ ముందుగా తీసుకోకండి. వాహన బీమాలో క్లెయిములు లేవన్న లేఖ, లైసెన్సు ఎప్పటినుంచి ఉందో చూపే రికార్డు, పనిచేసిన ప్రతిచోటి నుంచి అనుభవ ధ్రువపత్రం కూడా ఈ మూటలోకే. సామాజిక భద్రత చందాల స్టేట్‌మెంటు మరవకండి. రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంటే అక్కడ కట్టిన ఏళ్లను పింఛను అర్హతకు కలిపి లెక్కిస్తారు, కానీ ఆ ఏళ్లు రుజువు చేసుకోవాల్సింది మీరే.

పన్ను దగ్గర అందరి నోటా 183 రోజులే, ఏడాదిలో అన్ని రోజులుంటే ఆ దేశపు నివాసి అని. చాలా దేశాల్లో అది ఒక కొలబద్ద మాత్రమే. రెండు దేశాలూ మిమ్మల్ని నివాసి అంటే, ఓఈసీడీ నమూనాను అనుసరించే ద్వంద్వ పన్ను ఒప్పందాలు ఒక వరుసలో తేలుస్తాయి: శాశ్వత నివాసం ఎక్కడ అందుబాటులో ఉంది, కుటుంబ, ఆర్థిక సంబంధాలు ఎక్కడ బలంగా ఉన్నాయి, మామూలుగా ఎక్కడ ఉంటారు, ఏ దేశ పౌరులు. మొదటి ప్రశ్నే చాలామందిని ఇరికిస్తుంది. అక్కడి ఇంటికి తాళం వేసి, సెలవులకు వస్తే పనికొస్తుందని ఉంచుకుంటే, అది మీకు అందుబాటులో ఉన్న శాశ్వత నివాసమే. దాన్నే ఇంకొకరికి దీర్ఘకాలం అద్దెకిస్తే లెక్క మారుతుంది. దిగే తేదీకీ విలువుంది. పన్ను సంవత్సరం చాలా దేశాల్లో జనవరి 1న మొదలైతే, భారత్‌లో ఏప్రిల్ 1, బ్రిటన్‌లో ఏప్రిల్ 6, ఆస్ట్రేలియాలో జులై 1. సంవత్సరాన్ని మీరు రాకముందు, వచ్చాక అని రెండు ముక్కలుగా చూసే దేశంలో దిగే వారం పెద్ద తేడా కాదు, చూడని దేశంలో ఒక్క వారం కొన్ని నెలల జీతం మీద పన్ను తేగలదు. షేర్లో ఇల్లో అమ్మాలనుకుంటే వెళ్లకముందా, తర్వాతా అన్నది ఇద్దరు లెక్కలవాళ్లని, దేశానికొకరిని, అడగదగ్గ ప్రశ్న. కెనడా, ఆస్ట్రేలియా వంటి చోట్ల నివాసిగా మారిన రోజు మార్కెట్ ధరనే చాలా ఆస్తులకు కొన్న ధరగా తీసుకుంటారు. అన్ని దేశాలూ అంత ఉదారంగా ఉండవు.

వరుస తప్పితే ఏమవుతుందో కుక్కనో పిల్లినో తీసుకెళ్లేవాళ్లకి బాగా తెలుస్తుంది. ముందు 15 అంకెల మైక్రోచిప్, ఐఎస్ఓ 11784, 11785 ప్రమాణాల ప్రకారం. ఆ తర్వాతే రేబిస్ టీకా. చిప్ కంటే ముందు వేసిన టీకాను చాలా దేశాలు లెక్కలోకి తీసుకోవు, మళ్లీ వేయించాల్సిందే. రక్తపరీక్ష కోరే దేశమైతే యాంటీబాడీలు మిల్లీలీటరుకు కనీసం 0.5 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) ఉండాలి. ఉదాహరణకు యూరోపియన్ యూనియన్‌లోకి రక్తపరీక్ష తప్పనిసరైన దేశం నుంచి వస్తుంటే, టీకా వేశాక కనీసం 30 రోజులు ఆగి రక్తం తీయాలి, తీసిన రోజు నుంచి 3 నెలలు ఆగాలి. అంటే టికెట్లు కొన్నాక తలుచుకుంటే కుదరదు. ముక్కు చప్పిడిగా ఉండే జాతులను సామాను గదిలో ఎక్కించుకోని విమాన సంస్థలు చాలా ఉన్నాయి.

మందుల గురించి రెండే మాటలు. చీటీ మీద బ్రాండు పేరు కాక జెనరిక్ పేరు, మోతాదు రాయించుకోండి. మీరు మామూలుగా వాడే మందు అవతల నిషిద్ధం కావచ్చు: ఏకాగ్రత లోపానికి (ఏడీహెచ్‌డీకి) ఇచ్చే ఆంఫెటమిన్ మాత్రలను జపాన్ డాక్టరు చీటీ ఉన్నా రానివ్వదు. స్కానింగులు ఫిల్ము కాదు, కంప్యూటర్‌లో తెరిచే డైకామ్ ఫైళ్లుగా తీసుకోండి. కొత్త ఆరోగ్య బీమాలో పాత జబ్బులకు నిరీక్షణ కాలం ఉండొచ్చు గనుక పాతదాన్ని రద్దు చేయకముందే కొత్తది మొదలవ్వాలి.

ఇప్పుడు సామాను. ఓడలో లెక్క ఘనపరిమాణానిది, విమానంలో బరువు, పరిమాణం రెండింట్లో ఏది ఎక్కువైతే దానిది. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి విమాన సరుకుకైతే 6000తో, కొరియర్లలో ఎక్కువగా 5000తో భాగిస్తారు. 60×50×50 పెట్టెలో దూదే ఉన్నా అది 25 కిలోలు, కొరియర్‌లో 30. గాలి తీసేసే సంచుల్లో దుప్పట్లు కుక్కితే అందుకే లాభం. 20 అడుగుల కంటైనర్ లోపలి కొలత సుమారు 33 ఘనమీటర్లు, ఇంటి సామాను పేర్చేసరికి 25 నుంచి 28 దాకా పడుతుంది. అంత లేకపోతే ఇతరుల సరుకుతో పంచుకునే కంటైనర్ చవక, కాకపోతే అది నిండేదాకా ఆగాలి, ఎక్కించి దించే చేతులు ఎక్కువ, పగిలేవీ ఎక్కువ. పుస్తకాలు చిన్న పెట్టెల్లో, పెట్టెకు 20 కిలోలు మించకుండా. చెక్క పెట్టెలు వాడితే ఐఎస్‌పీఎం 15 ముద్ర చూసుకోండి. చెక్క నడిమధ్యన 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు ఆగకుండా తగిలించారని, లేదా పురుగు చావడానికి పొగ పట్టించారని దానర్థం. అది లేని చెక్కను రేవులో ఆపేస్తారు.

ఏవి తీసుకెళ్లాలన్న దాంట్లో కరెంటు వస్తువులే అసలు చిక్కు. ఛార్జర్ మీద 100–240 అని ఉంటే ప్లగ్గు మారిస్తే చాలు. 120 వోల్టుల హీటరును 230లో పెడితే రెండింతలు కాదు, వోల్టేజీ వర్గం (స్క్వేర్) లెక్కన దాదాపు 3.7 రెట్ల శక్తి లాగి మాడిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెడతామంటారు, అది వోల్టేజీని మారుస్తుందే గాని హెర్ట్జ్‌ను, అంటే కరెంటు సెకనుకు ఎన్ని ఆవృత్తులు తిరుగుతుందో దాన్ని, మార్చదు. 60 హెర్ట్జ్ మీద తిరగాల్సిన మామూలు ఏసీ మోటారు 50 మీద ఆరోవంతు నెమ్మదించి, పైగా వేడెక్కుతుంది. వాషింగ్ మెషీన్, ఫ్రిజ్ అక్కడే వదిలేయడం మేలు.

సుంకం మినహాయింపు చాలా దేశాలు ఇస్తాయి, షరతులతో. యూరోపియన్ యూనియన్ నియమాలే చూడండి: బయట కనీసం 12 నెలలు ఉండాలి, వస్తువు అక్కడ 6 నెలలు వాడి ఉండాలి, నివాసం మార్చిన 12 నెలల్లోపు తెచ్చుకోవాలి, తెచ్చాక 12 నెలలు అమ్మకూడదు. వెళ్లబోయే ముందు కొన్న సరికొత్త టీవీ ఇలాంటి చోట మినహాయింపులోకి రాదు. పెట్టెల జాబితాలో "ఇతరములు" అని రాయడం తనిఖీని పిలిచి మరీ తెచ్చుకోవడమే. నంబరు వేసి, వస్తువు పేరు, సంఖ్య, వాడిందా కొత్తదా, విలువ రాయండి. ఓడ సంస్థ ఇచ్చే సరుకు రసీదు, బిల్ ఆఫ్ లేడింగ్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాకే సరుకు ఆగుతుంది, ఆగిన రోజులకు రేవు డెమరేజీ వసూలు చేస్తుంది. మీరు రాకముందే సరుకు వస్తే అదే తంతు, కొన్నిచోట్ల మినహాయింపుకి యజమాని దేశంలో ఉండి తీరాలి.

బీమా కాగితంలో "యజమాని సర్దినవి" అన్న మాట వెతకండి. మీ చేత్తో సర్దిన పెట్టెలో లోపల పగిలిన వస్తువుకి చాలా పాలసీలు చెల్లించవు, పెట్టె మొత్తం పోతేనే ఇస్తాయి. గాజు, తెర ఉన్నవి వాళ్లచేతే సర్దించండి. ఇంకో నిబంధన జనరల్ ఏవరేజ్. ఓడను ఆపద నుంచి తప్పించడానికి అయిన ఖర్చును అందులో సరుకున్న అందరూ పంచుకోవాలి, మీ సరుకు భద్రంగా ఉన్నా సరే. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే కంటైనర్ ఓడ సూయజ్ కాలువలో అడ్డం పడ్డాక ఓడ యజమానులు దీన్నే ప్రకటించారు. బీమా ఉంటే కంపెనీ హామీ ఇస్తుంది, లేకపోతే మీరు నగదు డిపాజిట్ కట్టేదాకా సరుకు వదలరు.

ఓడ వచ్చేలోగా రెండు మూడు నెలలు సూట్‌కేసుతోనే బతుకు. ఆ దిగాలు పట్టే రోజుల్లో "తప్పు చేశామా" అన్న ఆలోచన వస్తుంది. పరిశోధకులైన గలహార్న్ దంపతులు 1963లోనే దీన్ని డబ్ల్యూ ఆకారపు గీతగా వర్ణించారు: పరాయిచోట ఒకసారి కుంగినట్టే, తిరిగొచ్చాక ఇంకోసారి. మొదటిదానికి మనిషి సిద్ధపడే వెళ్తాడు. రెండోది సొంతచోట అని నమ్మినచోట వస్తుంది గనుక పేరు పెట్టడానికి కూడా తోచదు. పిల్లలకైతే ఇది బళ్లో బయటపడుతుంది: మాతృభాష గలగలా మాట్లాడే పిల్ల అందులో పేరా చదవలేక తరగతిలో వెనకబడుతుంది. చదవడం, రాయడం బయల్దేరడానికి ఏడాది ముందే మొదలుపెట్టాలి. ఉండిపోవాలా, మళ్లీ వెళ్లాలా అన్న నిర్ణయం సామాను రాని ఇంట్లో కూర్చుని తీసుకోకండి.

పెట్టెలు దిగే రోజున గుమ్మం దగ్గర ఒకరు జాబితా పట్టుకుని నంబర్లు కొట్టేస్తూ నిలబడాలి. నలిగిన పెట్టె కనిపిస్తే విప్పకముందు ఫోటో, విప్పాక ఇంకో ఫోటో. డెలివరీ కాగితం మీద "బాగానే అందాయి" అన్నచోట సంతకం పెట్టమని తొందరపెడతారు. 14వ పెట్టె తడిసింది, 31 రాలేదు అని ఆ కాగితం మీదే రాసి, ఆ కిందే సంతకం చేయండి.