దసరా సెలవుల్లో బడి ముందు పడిన చలానా: నా అనుభవం

2024 అక్టోబరు 6, ఆదివారం ఉదయం మా అత్తగారిని రేణిగుంటలో రైలెక్కించడానికి కారులో బయలుదేరాను. తిరుమలలో బ్రహ్మోత్సవాలు జరుగుతున్న రోజులు కావడంతో తిరుపతి ప్రధాన రహదారులన్నీ కిక్కిరిసి ఉన్నాయి. ఆ రద్దీ తప్పించుకుందామని మా కాలనీ వెనక ఉన్న బడి దారి పట్టాను. దసరా సెలవులు కదా, పెద్ద గేటుకు తాళం వేసి ఉంది, రోడ్డు మీద మనిషి లేడు. నాలుగు రోజుల తరువాత ఫోనుకు సందేశం వచ్చింది. గరిష్ఠ వేగం 30 ఉన్న చోట 47లో వెళ్లానట, 1,035 రూపాయలు కట్టాలట.

డబ్బు కన్నా నన్ను ఎక్కువగా వేధించినది ఒక ప్రశ్న. పిల్లల కోసం పెట్టిన వేగపరిమితి పిల్లలే లేని రోజున కూడా వర్తిస్తుందా? సిడ్నీలో ఉన్న మా తమ్ముడిని అడిగితే, వాళ్ల రాష్ట్రంలో బడి పరిసరాల్లో 40 కిలోమీటర్ల పరిమితి సాధారణంగా ఉదయం 8 నుంచి 9.30 వరకు, మధ్యాహ్నం 2.30 నుంచి 4 వరకు, బడి నడిచే రోజుల్లోనే ఉంటుందని, అయితే పిల్లలు రాకుండా ఉపాధ్యాయులు మాత్రమే వచ్చే రోజులు కూడా ఆ లెక్కలోకే వస్తాయని చెప్పాడు. అది విని నాకు బలమైన వాదన దొరికిందనుకున్నాను. అక్కడి నియమం ఇక్కడ చెల్లదన్న సంగతి ఆ ఉత్సాహంలో మరిచిపోయాను.

మరునాడు వెళ్లి బోర్డు చూశాను. ఎర్ర అంచు ఉన్న తెల్లని వృత్తంలో 30 అంకె ఉంది. దానికి కొంత ముందు, ఇద్దరు పిల్లల బొమ్మతో త్రికోణపు బోర్డు ఉంది. త్రికోణం హెచ్చరిక మాత్రమే, వృత్తం ఆజ్ఞ. ఈ తేడా లైసెన్సు పరీక్ష రోజున చదివినదే. వృత్తానికి దిగువన, సాధారణంగా వేళలు రాసిన పలక ఉండే చోట, ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి ఉంది. ఫోటో తీసుకున్నాను కానీ, నేను వెళ్లిన ఆదివారం నాడు కూడా ఆ ఫ్లెక్సీ అక్కడే ఉందని ఆ ఫోటో రుజువు చేయదు.

ట్రాఫిక్ కార్యాలయంలో నన్ను రెండుసార్లు తిప్పి, చివరకు "కట్టేయండి సార్, వెయ్యి రూపాయలకు ఇంత తిరుగుడెందుకు?" అన్నారు. మర్యాదగానే అన్నారు గానీ, నేను అడిగినదానికి అది జవాబు కాదు. అప్పుడు మోటారు వాహనాల చట్టం తీసి చదివాను. ఏదైనా రోడ్డు మీద ప్రత్యేక వేగపరిమితి పెట్టాలంటే 112వ సెక్షన్ ప్రకారం రెండు పనులు జరగాలి. గెజిట్‌లో నోటిఫికేషన్ రావాలి, 116వ సెక్షన్ కింద ఆ చోట బోర్డు నిలబెట్టాలి. నెల రోజులకు మించని తాత్కాలిక పరిమితికి మాత్రం గెజిట్ అక్కర్లేదు. సెలవులన్న మాట ఆ సెక్షన్‌లో లేనే లేదు. అంటే నా ప్రశ్నకు జవాబు బడి క్యాలెండరులో కాక నోటిఫికేషన్‌లోను, బోర్డు మీదను వెతుక్కోవాలి.

సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరు జత చేసి దరఖాస్తు పెట్టాను. ఆ నోటిఫికేషన్ నకలు ఇవ్వమని, అందులో రోజులు గాని వేళలు గాని ఉంటే తెలపమని, కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 2021లో చేర్చిన 167ఎ నియమం ప్రకారం స్పీడ్‌గన్‌కు ఉండవలసిన ధ్రువపత్రం చూపమని అడిగాను. "ఆదివారం నాడు వేగపరిమితి ఉంటుందా?" అని నేరుగా అడగలేదు. సమాచార అధికారి తన దగ్గరున్న కాగితం ఇవ్వగలడే తప్ప నా సందేహానికి తీర్పు చెప్పలేడని, ఇలాంటి దరఖాస్తులు చాలా పెట్టిన మా పొరుగింటి మాస్టారు ముందే హెచ్చరించారు. ఆయన మాట విననట్లయితే ఇంకో నెల వృథా అయ్యేది.

జవాబు కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో ఒకనాడు బడి కాపలాదారుతో మాటలు కలిశాయి. దసరా సెలవుల్లో ఇక్కడ ఎవరుంటారని అడిగితే ఆయన నవ్వాడు. "సెలవులు చిన్న పిల్లకాయలకే సామీ. టెన్త్ వాళ్లు పొద్దన్నే వెనక గేట్లో వస్తా ఉండారు కదా" అన్నాడు. నేను చూసిన తాళం పెద్ద గేటుది మాత్రమేనన్నమాట. ఆలోచించిన కొద్దీ, మన దగ్గర వేళలు రాసిన పలక పెట్టినా చిక్కులేనని అనిపించింది. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైతే పిల్లలు మధ్యాహ్నం 12.30కే ఎండలో రోడ్డు మీదికి వస్తారు. ఆదివారాల్లో పోటీ పరీక్షలకు ఇవే గదులు కేంద్రాలవుతాయి. అదే సంవత్సరం మే 13న పోలింగు జరిగినప్పుడు, వేసవి సెలవుల్లో ఉన్న ఇదే బడి ముందు క్యూ రోడ్డు దాకా వచ్చింది.

గడువైన ముప్పై రోజులకు రెండు రోజుల ముందు జవాబు వచ్చింది. నోటిఫికేషన్ నకలులో వేగం ఉంది, రోడ్డు పేరు ఉంది. రోజుల ప్రస్తావన గాని వేళల ప్రస్తావన గాని ఎక్కడా లేవు. స్పీడ్‌గన్ ధ్రువపత్రం గడువులోనే ఉంది. మినహాయింపు ఏదీ రాయనప్పుడు పరిమితి అన్ని రోజులకూ వర్తిస్తుందన్న అర్థమే మిగులుతుంది. కోర్టుకు వెళ్లే వీలుంది కానీ, పదకొండేళ్లుగా ఆ దారినే తిరుగుతూ అక్కడ బడి ఉందని తెలియదనలేను కదా. ఆ సాయంత్రమే చలానా కట్టేశాను.

ఫ్లెక్సీ గురించి మాత్రం ఇంకో అర్జీ ఇచ్చాను. ట్రాఫిక్ గుర్తులను కప్పే ప్రకటనలను తీయించే అధికారం పోలీసు ఉన్నతాధికారులకు కల్పించే వీలు అదే 116వ సెక్షన్‌లో ఉంది. మూడు వారాలకు దాన్ని తీసేశారు. దాని వెనక వేళల పలక ఏదైనా ఉందేమోనని వెళ్లి చూశాను. పలక లేదు. వృత్తానికి జానెడు కింద, స్తంభానికి తుప్పుపట్టిన రెండు బోల్టు రంధ్రాలు మాత్రం ఉన్నాయి.