గ్రిల్లు కిటికీ, పడమటి గది, పోర్టబుల్ ఏసీ: నా అనుభవం

ముందే చెప్పేస్తాను, ఇంట్లో స్ప్లిట్ ఏసీ పెట్టుకునే వీలున్నవాళ్లు పోర్టబుల్ (గదిలోనే నిలబెట్టి, వేడిని గొట్టంతో బయటికి పంపే ఏసీ) జోలికి పోకండి. ధర చూస్తే ఒక టన్ను స్ప్లిట్‌కి అటూ ఇటూగా ఇదీ అంతే అవుతుంది. చల్లదనం తక్కువ, కరెంటు ఎక్కువ, చప్పుడు మరీ ఎక్కువ. అయినా మేము కొన్నాం, కొన్నందుకు బాధ లేదు. మాలాంటి ఇరకాటంలో ఉన్నవాళ్లకి పనికొస్తుందని, ఎక్కడెక్కడ ఇబ్బంది పడ్డామో అంతా రాస్తున్నాను.

మాది విజయవాడ. అద్దె ఇల్లు, అన్నిటికన్నా పై అంతస్తు. పడమటి వైపు పడగ్గది 11 బై 12 అడుగులు, మధ్యాహ్నం రెండు దాటిందంటే ఎండ ఆ గోడని వదలదు. శ్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి వదులుతుంది కాబట్టి సాయంత్రం ఆరింటి కన్నా రాత్రి పదకొండింటికే గదిలో ఎక్కువ ఉడికిపోయేది. ఫ్యాను వేస్తే ఆ పైనున్న వేడినే కిందకి తోస్తుంది. ఉష్ణోగ్రత చూపించే చిన్న గడియారం ఒకటి ఉంది మా దగ్గర, 2025 మే మొదటి వారంలో రాత్రి పదకొండింటికి అందులో 36 చూశాను. గోడకి వీపు ఆనించి కూర్చోలేకపోయేవాళ్లం.

మామూలు వేసవుల్లో అయితే అందరం హాల్లో చాపలు వేసుకుని పడుకునేవాళ్లం, ఆ గది ఊసే ఎత్తేవాళ్లం కాదు. కానీ ఆ ఏడాది ఏప్రిల్‌లో అత్తయ్యకి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. కింద కూర్చోకూడదు, మంచం ఎత్తుగా ఉండాలి, కమోడ్ ఉన్న బాత్రూమ్ దగ్గర్లో ఉండాలి, అదేమో ఆ గదికే ఉంది. "నాకేం ఫరవాలేదమ్మా, మీరు నిద్ర పాడు చేసుకోకండి" అంటూనే రాత్రి రెండింటికి లేచి కూర్చుని కొంగుతో విసురుకుంటూ కనిపించేవారు. వీపు నిండా చెమటకాయలు. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ కార్తె ఇంకా రానేలేదు.

ఇంట్లో కూలర్ ఉంది. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు కొన్నాం, అక్కడి పొడి ఎండకి బాగానే పనిచేసింది. ఇక్కడ అదే కూలర్ వేస్తే అరగంటలో దుప్పట్లు చెమ్మగిల్లేవి, ఒళ్లంతా జిగట. గాలి పొడిగా ఉంటేనే నీళ్లు ఆవిరై గాలి చల్లబడుతుంది, కృష్ణ ఒడ్డున గాలిలో ముందే తేమ ఉంటే కూలర్ ఇంకాస్త తేమ కలపడం తప్ప చేసేదేం ఉండదు.

ఇంటి ఓనర్ గారిని అడిగాం. ఆయన మంచి మనిషే, కానీ ఇంతకుముందు ఉన్నవాళ్లు ఏసీ కోసం గోడకి రంధ్రం పెట్టించి వెళ్లిపోతే రెండు వర్షాకాలాలు ఆ గోడ నెమ్మెక్కిందట. "గోడకి కన్నం, కిటికీ ఊచలు కోయడం, ఈ రెండూ తప్ప ఏదైనా చేసుకోండమ్మా" అన్నారు. స్ప్లిట్ పోయింది, విండో ఏసీ పోయింది. మిగిలింది పోర్టబుల్ ఒక్కటే.

ఆన్‌లైన్‌లో వెతకడం మొదలుపెట్టగానే పదిహేను వందలకీ రెండు వేలకీ బోలెడు "మినీ పోర్టబుల్ ఏసీలు" వచ్చాయి, ఐస్ ముక్కలు వేస్తే గది మొత్తం చల్లబడుతుందని రాసి ఉంటుంది. దయచేసి వాటికి డబ్బు పోయకండి. అవి బల్ల మీద పెట్టుకునే చిన్న కూలర్లు, అంతే. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు, గదిలోని వేడిని తీసుకెళ్లి బయట పడేస్తుంది. బయటికి పోయే గొట్టం లేదంటే ఆ వేడి గదిలోనే ఉంటుంది. వంటింట్లో ఫ్రిజ్ తలుపు తెరిచి పెడితే వంటిల్లు చల్లబడదు కదా, ఇదీ అంతే. కాబట్టి ఫోటోలో మొదట చూడాల్సింది వెనకాల లావుపాటి గొట్టం ఉందా లేదా అని.

తర్వాత ఏలూరు రోడ్డులో మూడు షోరూములు తిరిగాను. అన్నిచోట్లా ఒకటే మాట, "130 చదరపు అడుగుల గదికి ఒక టన్ను సరిపోతుంది మేడం". టన్ను అంటే గంటకి 12,000 బీటీయూల వేడిని తీయగలగడం. స్ప్లిట్‌కైతే ఆ లెక్క నమ్మొచ్చు. పోర్టబుల్‌కి ఎందుకు నమ్మకూడదో మా ఆడపడుచు చెప్పింది. తను డల్లాస్‌లో ఉంటుంది, వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ఒక గదికి ఇలాంటిదే వాడుతున్నారు. వాళ్ల ఏసీ పెట్టె ఫోటో తీసి వాట్సాప్‌లో పంపింది. దాని మీద రెండు అంకెలున్నాయి. ఒకటి 12,000, దాని పక్కన ఎస్ఏసీసీ అని ఇంకో అంకె, 7,000కి కాస్త పైన. ఆ రెండో అంకె అసలు వాడకంలో గదికి దక్కే చల్లదనం. మన దగ్గర నేను చూసిన పెట్టెల మీద మొదటి అంకె ఒక్కటే ఉంది.

అంత తేడా ఎందుకొస్తుందంటే, ఒక గొట్టం ఉన్న ఏసీ గదిలోని గాలినే రెండు భాగాలుగా వాడుకుంటుంది. కొంత గాలిని చల్లబరిచి మనకిస్తుంది, ఇంకొంత గాలిని వేడెక్కిన కాయిల్ మీదుగా పోనిచ్చి గొట్టంలోంచి బయటికి తోసేస్తుంది. గదిలోంచి పోయిన గాలి ఎంతో, అంత గాలి మళ్లీ ఎక్కడో సందుల్లోంచి లోపలికి రావాలి, వచ్చేదేమో బయటి వేడిగాలి. రెండు గొట్టాలున్నవాటిలో ఈ బాధ తక్కువ, ఒకదాంతో బయటి గాలి తీసుకుని రెండోదాంతో వదులుతాయి. నేను తిరిగిన మూడు షోరూముల్లోనూ అవి లేవు.

ఇదంతా తెలిసీ ఒక టన్నుదే తీసుకున్నాం, ఆ గదికి ఇంకో దారి లేదు కనక. 38 వేలు అయింది. అప్పుడు ఏసీల మీద జీఎస్టీ 28 శాతం, అదే ఏడాది సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి తగ్గింది, అంటే ఇప్పుడు కొనేవాళ్లకి కొంత నయం.

లిఫ్ట్ లేదు. ముప్పై కిలోల పైన ఉంటుంది, ఇద్దరు కుర్రాళ్లు మోసుకొచ్చారు, మెట్ల మలుపులో పక్కకి వంచక తప్పలేదు. అలా వంచితే కంప్రెసర్‌లోని ఆయిల్ పైపుల్లోకి వెళ్తుంది, కాబట్టి నిలబెట్టాక ఒక రోజు ఆగి ఆన్ చేయమని పుస్తకంలో ఉంది. అత్తయ్య ఆ రాత్రి దాన్నే చూస్తూ పడుకున్నారు.

ఇక కిటికీ. మాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే, కొనేముందు దీని గురించి ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ పట్టీ పక్కకి జరిపే కిటికీలకి చేసింది. మావి పాతకాలపు చెక్క కిటికీలు, రెక్కలు బయటికి తెరుచుకుంటాయి, లోపల నిలువు ఊచలు. ఆ పట్టీ ఎటు తిప్పినా కూర్చోలేదు. మొదటి రాత్రి కిటికీ తెరిచి, గొట్టం ఊచలకి కట్టి, చుట్టూ దుప్పటి కప్పాం. గంటన్నర ఆడినా 36 నుంచి 34కి దిగిందంతే.

మర్నాడు కార్పెంటర్‌ని పిలిచాం. కిటికీ ఫ్రేములోకి లోపలి వైపు నుంచి సరిగ్గా కూర్చునేలా ప్లైవుడ్ కోసి, ఊచలకి ఆనించి, చుట్టూ ఫోమ్ టేపు అంటించి, నాలుగు చిన్న మడత బందులతో బిగించాడు, ఫ్రేముకి చిన్న మరలు తప్ప ఇంకేం లేవు. గొట్టానికి కన్నం ఎక్కడ పెట్టాలన్న దాని మీద పావుగంట ఆలోచించాడు. పైన పెడితే గొట్టం పొడుగ్గా సాగదీయాలి, వంపులు వస్తాయి, వంపుల్లో గాలి ఆగుతుంది. అందుకని కిటికీ అడుగున, ఒకే ఒక్క ఊచ మధ్యలో అడ్డొచ్చే చోట గుండ్రంగా కోశాడు. గొట్టం రెండడుగులకి మించి సాగాల్సిన పని లేకపోయింది. పైన సజ్జ ఉంది కాబట్టి వాన జల్లు కొట్టదు. కూలీ, చెక్క అంతా కలిపి 1,800.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, బయటి రెక్కని కొక్కెం వేసి గట్టిగా కట్టాలి. మే చివర్లో ఒక సాయంత్రం గాలిదుమారానికి మా రెక్క మూసుకుపోయింది, వేడిగాలికి దారి లేక ఏసీ దానంతటదే ఆగిపోయింది. అప్పటినుంచి తాడు కట్టి పెట్టాం.

కరెంటు సంగతి. గదిలో ఉన్నవన్నీ చిన్న ప్లగ్గులు, దీనికి 16 ఆంప్స్‌ది కావాలి. బాత్రూమ్‌లో గీజర్ పాయింట్ ఉంది కదా, అక్కడినుంచి ఎక్స్‌టెన్షన్ లాగుదామన్నారు మా ఆయన. ఎలక్ట్రీషియన్ ససేమిరా అన్నాడు, రాత్రంతా అంత లోడు మోస్తే ఎక్స్‌టెన్షన్ బోర్డు కరిగిపోతుందట. మెయిన్ బాక్స్ నుంచి విడిగా లావు వైరు, దానికి వేరే ఎంసీబీ (లోడు మించితే దానంతటదే ఆగిపోయే స్విచ్చు), గోడ వెంట కేసింగ్ పట్టీలో తెచ్చాడు. దీనికి ఓనర్ గారు వెంటనే సరేనన్నారు.

ఇంత చేసినా రాత్రి పదకొండుకి 31 దగ్గరే ఆగిపోయేది. ఏం తప్పు చేశామో అర్థం కాలేదు. ఒకరోజు అత్తయ్య గదిలో దేవుడి పటానికి అగరుబత్తి వెలిగిస్తే పొగ పైకి పోకుండా అడ్డంగా, బాత్రూమ్ వైపు నుంచి ఏసీ వైపుకి సాగుతోంది. నేను ఆ అగరుబత్తి తీసుకుని గదంతా తిరిగాను. హాలు తలుపు కింద పెడితే పొగ లోపలికి వస్తోంది కానీ నెమ్మదిగా. బాత్రూమ్ తలుపు సందు దగ్గర పెట్టగానే పొగ గీత గీసినట్టు లోపలికి దూసుకొచ్చింది. బాత్రూమ్ వెంటిలేటర్‌కి అద్దాల పలకలు ఉన్నాయి, అది పడమటి వైపే, ఎండకి కాగిన గోడ మీదుగా వేడిగాలిని ఏసీయే లోపలికి లాక్కుంటోంది.

రాత్రి ఏసీ వేసేముందు వెంటిలేటర్‌కి థర్మాకోల్ షీటు అడ్డం పెట్టాం, బాత్రూమ్ తలుపు అడుగున గుడ్డ చుట్ట పెట్టాం. హాలు తలుపు సందుని మాత్రం కావాలనే వదిలేశాం. గాలి ఎక్కడినుంచో రావాలి కాబట్టి, గదికన్నా చల్లగా ఉండే హాల్లోంచి రావడం మేలు. ఆ రోజు పదకొండుకి 29. పైసా ఖర్చు లేకుండా రెండు డిగ్రీలు తగ్గింది. మీరు ఏసీ పెట్టినా పెట్టకపోయినా ఈ అగరుబత్తి పరీక్ష ఒకసారి చేసి చూడండి.

గొట్టం కూడా వేడిగా కాలుతూ గదిలోకే వేడి వదులుతుంటుంది. మొదట పాత బొంత చుట్టాం, తర్వాత వెండి రంగు ఇన్సులేషన్ షీటు మీటర్ల లెక్కన తెచ్చి చుట్టాం.

నీళ్ల గొడవ ఇంకోటి. గాలిలోని తేమ నీళ్లుగా మారుతుంది, మామూలుగా ఆ నీళ్లని ఏసీయే ఆవిరి చేసి గొట్టంలోంచి పంపేస్తుందని షోరూమ్‌లో చెప్పారు. విజయవాడ తేమకి అది చాలలేదు. రెండో రాత్రి రెండున్నరకి ట్యాంకు నిండి, బీప్ కొట్టి, ఆగిపోయింది. నిద్రలో లేచి ముప్పై కిలోల డబ్బాని వంచి నీళ్లు తీయడం అయ్యే పని కాదు. ఆరంగుళాల ఎత్తు చెక్క బల్ల ఒకటి చేయించి దాని మీద పెట్టాం, అడుగునున్న డ్రెయిన్‌కి పైపు తగిలించి బాత్రూమ్‌లోకి వదిలాం. అత్తయ్య వాకర్‌తో నడిచే దారిలో పైపు ఉండకూడదని గోడ వారగా తిప్పి టేపు వేశాను. రోజూ ముందు ఆ టేపు ఊడిందేమో చూసుకున్నాకే ఏసీ వేసేదాన్ని.

చప్పుడు ఉంది, దాచను. స్ప్లిట్‌కైతే కంప్రెసర్ బయట ఉంటుంది, ఇక్కడ మంచం పక్కనే. "పిండి మర పక్కన పడుకున్నట్టుందమ్మా" అన్నారు అత్తయ్య మొదటి రాత్రి. బల్ల కింద రబ్బరు ముక్కలు పెట్టాక కొంత తగ్గింది. పసిపిల్లలున్న గదికైనా, చిన్న అలికిడికే మెలకువ వచ్చేవాళ్లకైనా షోరూమ్‌లో పది నిమిషాలు ఆన్ చేయించుకుని పక్కన నిలబడి విన్నాకే కొనండి.

ఇక డాబా. మొదట చేయాల్సింది నిజానికి ఇదే. తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ పాలసీ అని పెట్టారు, కొన్ని రకాల భవనాల డాబాల మీద ఎండని తిప్పికొట్టే పూత వేయించాలని. హైదరాబాద్‌లో మా మరిది వాళ్ల అపార్ట్‌మెంట్ పైన తెల్లటి పూత చూసి, ఓనర్ గారిని అడిగి, డాబాలో మా పడగ్గది పైన ఉన్నంత మేర కూల్ రూఫ్ పెయింట్ రెండు పూతలు వేయించాం. ఖర్చు సగం ఆయనే పెట్టుకున్నారు. వేసిన వారానికి, ఏసీ ఇంకా ఆన్ చేయకముందు రాత్రి తొమ్మిదింటికి గడియారంలో 33, అంతకుముందు ఆ వేళకి 35కి తగ్గేది కాదు. ఎండలు అప్పటికీ తగ్గలేదు. దీంతో ఏసీ వేసిన రెండు గంటలకి 27 చూశాం. రిమోట్‌లో 24 పెట్టినా ఏ రాత్రీ అక్కడికి చేరలేదు, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉండేది. అందుకని 27లో పెట్టి ఫ్యాను ఒకటి మీద తిప్పాం, అప్పుడు తెల్లవారుజామున కాసేపైనా కంప్రెసర్ ఆగేది.

బిల్లు: కంప్రెసర్ నడిచేటప్పుడు గంటకి దాదాపు ఒకటింపావు యూనిట్లు, రాత్రికి తొమ్మిది, పది యూనిట్లు. యూనిట్ రేటు ఎక్కువుండే పై స్లాబులోకి వెళ్లడంతో ఆ నెల రెండున్నర వేలు ఎక్కువొచ్చింది.

అత్తయ్య జూన్ మొదటి వారంలో ఒకరోజు తెల్లవారి ఆరున్నర దాకా లేవలేదు, నేను భయపడి వెళ్లి చూశాను. దుప్పటి గడ్డం దాకా కప్పుకుని పడుకున్నారు.

వానలు పడ్డాక అరపూట ఫ్యాను మోడ్‌లో నడిపి లోపలి తడి ఆరబెట్టాం, డ్రెయిన్ మూత తీసి మిగిలిన నీళ్లు వంపేశాం, ఫిల్టర్ కడిగి ఎండబెట్టాం. గొట్టం మడిచి పెట్టెలో పెట్టాం. ప్లైవుడ్ మాత్రం బీరువా వెనక నిలబెట్టాను, వచ్చే ఏడాది తికమక పడకుండా ఏది పై వైపో, ఏది లోపలి వైపో పెన్సిల్‌తో రాసి.