ఇంజెక్షన్ తర్వాత వచ్చిన జ్వరం

ఈమధ్య సిఫిలిస్ అనే సుఖవ్యాధికి ట్రీట్‌మెంట్ తీసుకున్నాను. దాచాల్సినంత తప్పేమీ కాదు కాబట్టి రాస్తున్నాను.

బెంజథిన్ పెన్సిలిన్, 24 లక్షల యూనిట్లు. సగం ఒక పిరుదుకి, సగం రెండోదానికి. ఆ నొప్పి ఓర్చుకున్నాను. రాత్రికి చలి, వణుకు, తలపోటు, ఒళ్లంతా నొప్పులు. జబ్బువల్ల ఒంటి మీద వచ్చిన మచ్చలు ఇంకా ఎర్రబడ్డాయి. మందు పడలేదేమోనని ఒకటే టెన్షన్. అక్క బలవంతం మీద డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేశాను.

"ఊపిరి సరిగ్గా ఆడుతోందా? పెదాలు, మొహం వాచాయా? దద్దుర్లున్నాయా?" అని అడిగారు. అవేవీ లేవన్నాను. పారాసిటమాల్ వేసుకుని నీళ్లు బాగా తాగమన్నారు. మర్నాటికి తగ్గిపోయింది.

దీన్ని యారిష్-హెర్క్స్‌హైమర్ రియాక్షన్ అంటారట. మందుకి క్రిములు ఒక్కసారిగా చచ్చేటప్పుడు బయటపడే పదార్థాలకు శరీరం ఇలా స్పందిస్తుంది. మామూలుగా 24 గంటల్లోపే వచ్చి పోతుంది. అలర్జీ కాదు. పెన్సిలిన్ ఇంకా పుట్టని రోజుల్లో, పాదరసంతో వైద్యం చేసే కాలంలోనే, 1895లో యారిష్ అనే చర్మవైద్యుడు దీని గురించి రాశాడు.

అంత పాత సంగతి నాకు సూది వేసేముందు ఎవరూ చెప్పలేదు. అదే నా బాధ. తెలియక భయపడినవాళ్లు మిగతా డోసులకి వెళ్లడం మానేస్తే? గర్భిణులకైతే ఈ జ్వరంతోపాటు పురిటి నొప్పులూ రావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అలాగని మందు మానకూడదు, జబ్బు బిడ్డకి సోకవచ్చు.

ఊపిరి ఆడకపోయినా, మొహం వాచినా మాత్రం అది వేరే సంగతి. ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.