క్రిస్మస్ చెట్ల ఓడ కోసం టూ రివర్స్ దాకా

మిల్వాకీ నగరంలో యాట్ క్లబ్ ప్రవేశద్వారం దగ్గర పాత లంగరు ఒకటి నిలబెట్టి ఉంది. షికాగో శివార్ల నుంచి ఉత్తరంగా విస్కాన్సిన్ రాష్ట్రంలోని టూ రివర్స్ అనే చిన్న ఊరికి బయలుదేరిన మేము దారిలో మొదట ఆగింది అక్కడే. షికాగోకు క్రిస్మస్ చెట్లు మోసి 'క్రిస్మస్ చెట్ల ఓడ'గా పేరుపడ్డ రౌజ్ సిమన్స్ అనే సరుకుల ఓడ లంగరు అది. 1868లో ఈ మిల్వాకీలోనే చెక్కతో కట్టిన ఆ ఓడ 1912 నవంబరు 23న మిషిగన్ సరస్సులో, అందులోని మనుషులందరితో సహా మునిగిపోయింది. లంగరు మాత్రం పైకి వచ్చింది. ఓడ ఇంకా నీటి అడుగునే ఉంది.

సరస్సు అనగానే కొల్లేరో పులికాటో మనసులో మెదిలే మనకు మిషిగన్ సరస్సును చూడగానే లెక్క తప్పుతుంది. ఆవలి ఒడ్డు కనిపించదు, అలలు సముద్రంలో మాదిరే విరుచుకుపడతాయి, నవంబరులో వచ్చే తుపానులకు పెద్ద పెద్ద ఓడలు కూడా నిలవలేదు. పందొమ్మిదో శతాబ్దంలో ఈ నీటి మీద సరుకు మోసినవి ఎక్కువగా స్కూనర్లే. తెరచాపలు ఓడ పొడవు వెంబడి అమర్చి ఉంటాయి కాబట్టి కొద్దిమంది నావికులతోనే అవి నడిచిపోయేవి. మూడు తెరచాప కొయ్యలతో దాదాపు 124 అడుగుల పొడవున్న రౌజ్ సిమన్స్ చాలా ఏళ్లు మస్కీగన్‌కు చెందిన కలప వ్యాపారి చార్లెస్ హాక్లీ చేతిలో ఉండి, మిషిగన్ అడవుల కలపను సరస్సు దాటించింది. అడవులు తరిగిపోయి, ఆవిరి ఓడలు, రైళ్లు ఆ పని అందుకున్నాక, ఇలాంటి ఓడలు చేతులు మారుతూ, మరమ్మతులు వాయిదా పడుతూ, దొరికిన సరుకల్లా మోస్తూ కాలం వెళ్లదీశాయి.

టూ రివర్స్‌లో, ఈస్ట్ ట్విన్ నది ఒడ్డున, రోజర్స్ స్ట్రీట్ ఫిషింగ్ విలేజ్ అనే మ్యూజియం ఉంది. 1886 నాటి ఎర్ర చెక్క లైట్‌హౌస్, పాత చేపల పడవ, వలలు, వాటి మధ్య మునిగిన ఓడల సామాను. అక్కడ రౌజ్ సిమన్స్ చుక్కాని చక్రం ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. మా బావగారు మాత్రం గోడ మీద ఓడ కెప్టెన్ గురించి రాసిన వివరాలన్నీ చదివి, "రైలుండగా ఈ ముసలి ఓడెందుకయ్యా ఆయనకి?" అన్నారు. నిజానికి ఈ కథలో అడగవలసిన ప్రశ్న అదే.

ఆ కెప్టెన్, హెర్మన్ షూనెమన్, ఏటా శీతాకాలం ముందు మిషిగన్ రాష్ట్రపు ఉత్తర తీరానికి వెళ్లి, స్ప్రూస్, బాల్సమ్ చెట్లు ఓడ నిండా కట్టించుకుని షికాగో వచ్చేవాడు. క్లార్క్ స్ట్రీట్ వంతెన దగ్గర ఓడను కట్టేసి, దాని మీది నుంచే చెట్లు అమ్మేవాడు. మధ్యలో దళారీ లేడు, దుకాణం అద్దె లేదు, కాబట్టి చవకగా ఇవ్వగలిగేవాడు. పేదలకు ఊరికే ఇచ్చిన చెట్లూ ఉన్నాయి. అందుకే జనం ఆయనను కెప్టెన్ శాంటా అన్నారు. అయితే ఆయన 1907లో దివాలా అర్జీ పెట్టుకున్న మనిషి కూడా. ఆగస్టు అనే పేరున్న ఆయన అన్న 1898 నవంబరులో ఇలాంటి చెట్ల సరుకుతోనే ఎస్. థాల్ అనే స్కూనర్‌లో మునిగి చనిపోయిన సంగతి తెలిసీ, 44 ఏళ్ల ఓడను నవంబరు చివర్లో నడిపాడంటే దానికి దయాగుణం ఒక్కటే కారణం కాదు. ఎలుకలు ముందే ఓడ దిగిపోయాయని, సీసాలో ఉత్తరం దొరికిందని తర్వాత అల్లిన కథల కన్నా ఈ లెక్కలే నాకు ఎక్కువ నమ్మదగినవిగా తోచాయి.

1912 నవంబరు 22న మానిస్టిక్ పక్కనున్న థాంప్సన్ రేవు నుంచి, డెక్కు మీద కూడా వేల చెట్లు పేర్చుకుని ఓడ బయలుదేరింది. మర్నాడు మధ్యాహ్నం టూ రివర్స్‌కు ఉత్తరాన ఉన్న కివానీ ప్రాణరక్షక కేంద్రం వాళ్లకు, ఆపద సంకేతంగా జెండాను సగానికి దించిన స్కూనర్ ఒకటి దక్షిణంగా కొట్టుకుపోతూ కనిపించింది. కివానీలో మోటారు పడవ లేదు. అందుకని టూ రివర్స్ కేంద్రానికి ఫోన్ చేశారు; అక్కడివాళ్లు మోటారు లైఫ్‌బోటు వేసుకుని ఎదురువెళ్లి చీకటి పడ్డాక కూడా వెతికారు. ఓడ జాడ లేదు. ఎంతమంది పోయారన్న దాని మీద అప్పటి పత్రికలు, పేర్ల జాబితాలు ఒకదానితో ఒకటి కలవవు, ఎందుకంటే చెట్లు నరికిన కూలీలు కొందరు ఇళ్లకు చేరడానికి అదే ఓడ ఎక్కారని చెబుతారు.

సరస్సు ఆ ఓడ సామానును విడతలు విడతలుగా బయటపెట్టింది. 1924లో జాలరుల వలలో మైనపు గుడ్డ చుట్టిన కెప్టెన్ పర్సు పడింది. లోపలి కాగితాలు పాడుకాలేదు. 1971లో కెంట్ బెల్‌రిచర్డ్ అనే డైవర్ దాదాపు 165 అడుగుల లోతున ఓడనే కనిపెట్టాడు. సరుకు గదిలో చెట్లు ఇంకా పేర్చినట్టే ఉన్నాయి. చెక్కను తొలిచే సముద్రపు పురుగు మంచినీటిలో బతకదు, పైగా అడుగునున్న చలికి కుళ్లడం బాగా నెమ్మదిస్తుంది. చుక్కాని చక్రం 1999లో మళ్లీ వలకే చిక్కింది, అదీ ఓడ పడి ఉన్న చోటికి ఉత్తరంగా. ఓడ దక్షిణంగా పోతోంది కనుక, మునగక ముందే చక్రం ఊడిపోయిందన్నమాట. గాలికి వెనుక తెరచాప కొయ్యకున్న దూలం తెగివచ్చి చక్రాన్ని కొట్టి ఉంటుందని ఒక వాదన. అదే నిజమైతే చివరి ఘడియల్లో ఓడను తిప్పడానికి చేతిలో ఏమీ మిగలలేదు; మంచు కట్టిన చెట్ల బరువు ముందుకు లాగేస్తుంటే వాళ్లు లైఫ్‌బోటు కోసం ఎదురుచూడడం తప్ప చేయగలిగింది లేదు.

మ్యూజియం నుంచి రాలీ పాయింట్ లైట్‌హౌస్ దాకా వెళ్లాం. ఓడ పడి ఉన్న చోటు ఈశాన్యంగా కొన్ని మైళ్ల దూరంలో, నీళ్ల కింద ఉంది. ఒడ్డు నుంచి చూడడానికి ఏమీ లేదు, గాలి మాత్రం చెవులు గింగురుమనేలా వీస్తోంది. 2021 నుంచి ఈ తీరమంతా జాతీయ సముద్ర అభయారణ్యం కింద రక్షణలో ఉంది.

తిరుగు ప్రయాణంలో మేము ఎక్కువగా మాట్లాడుకున్నది కెప్టెన్ భార్య బార్బరా గురించి. భర్త పోయిన తర్వాత కూడా ఆమె, ముగ్గురు కూతుళ్లు చెట్ల వ్యాపారం మానలేదు. ఓడల మీద కొన్నేళ్లు, ఆ తర్వాత రైలు మీద తెప్పించి, షికాగోలో అమ్ముతూనే వచ్చారు. ఇప్పుడు ఏటా డిసెంబరులో కోస్ట్ గార్డ్ నౌక మాకినా షికాగో నేవీ పియర్‌కు చెట్లు తెచ్చి అవసరమైన కుటుంబాలకు పంచుతుంది. ఆ వేడుకలో కెప్టెన్ పేరు ప్రతిసారీ వినిపిస్తుంది. బార్బరా పేరు కూడా దానికి సమానంగా వినిపించాలన్నది మా బావగారి పట్టు, నాదీ అదే.